అమ్మేవాడికే తనిఖీ, కొనేవాడికి లేదా?

నర్సీపట్నం ప్రాంతంలో పంట చేతికొచ్చే రోజులంటే ఒకప్పుడు రైతుకు రెండే చింతలుండేవి. కాటా దగ్గర మోసం జరగకుండా చూసుకోవడం ఒకటి, షావుకారు దగ్గర డబ్బు రాబట్టుకోవడం రెండు. ఈ రెండూ తీరలేదు సరికదా, ఇప్పుడు మూడోది వచ్చి చేరింది. తన పంట తాను అమ్ముకోవాలంటే ముందు తానెవరో తాను రుజువు చేసుకోవాలి. అదీ ఒక్కసారి కాదు, అడుగడుగునా.

ధాన్యం సంగతే చూడండి. నాట్లు పడగానే ఈ-పంటలో పేరెక్కాలి. దానికి రైతు సేవా కేంద్రంలో వేలిముద్ర వేయాలి. దాన్ని ఈ-కేవైసీ అంటారు. కోతలయ్యాక ధాన్యం ఎప్పుడు తేవాలో ముందే సమయం తీసుకోవాలి. 2024 ఖరీఫ్‌లో దీన్ని ఫోనులోకి తెచ్చారు. వాట్సాప్‌లో ‘హాయ్’ అని పంపిస్తే ఆధార్ నంబరు అడుగుతుంది. ఆ తర్వాత కేంద్రం, రోజు, సమయం, ధాన్యం రకం, బస్తాలెన్నో చెప్పాలి. డబ్బు ఆధార్‌తో కలిపిన బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఇంటి దగ్గరే కూర్చుని అమ్మకం ఖాయం చేసుకోవచ్చన్నది మంచి మాటే. సొంత భూమి, సొంత పాసు పుస్తకం, సొంత ఫోను ఉన్న రైతుకు ఇది నిజంగానే సౌకర్యం. కాదనం.

మరి ఈ మూడూ లేనివాడి సంగతేమిటి?

తాండవ నీళ్లు పారే నాతవరం మండలంలో రెండెకరాలు కౌలుకు చేసే ఒక కూలీని ఊహించుకోండి. దుక్కి దున్నింది తను. నారు పోసింది, కలుపు తీసింది తనూ తన భార్యా. ఎరువుకు అప్పు తెచ్చిందీ తనే. కానీ రికార్డులో భూమి మరొకరిది. ఆ మరొకరు విశాఖపట్నంలోనో హైదరాబాద్‌లోనో ఉంటారు. ఈ-పంటలో భూమి గలాయన పేరే ఎక్కితే అమ్మకం కూడా ఆయన పేరు మీదనే జరగాలి. డబ్బు ఆయన ఖాతాలో పడుతుంది. ఆయన బాకీ ఉంటే బ్యాంకు పట్టుకుంటుంది. మిగిలింది ఎప్పుడిస్తాడో, ఎంతిస్తాడో ఆయన దయ. 2025-26లో సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. 75 కిలోల బస్తాకు దాదాపు 1,777 రూపాయలన్నమాట. ఆ ధర కాగితం గలవాడికే దక్కుతుంది. కాగితం లేనివాడు కళ్లంలోనే దళారీకి పోయాల్సిందే. దళారీ చెప్పిందే ధర, ఇచ్చిందే లెక్క.

కౌలుదారుకు కాగితం ఇవ్వాలని చట్టాలు లేకపోలేదు. 2011లో రుణ అర్హత కార్డుల చట్టం వచ్చింది. 2019లో దాని స్థానంలో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. పదకొండు నెలలకు ఒక కార్డు. దానికి భూమి యజమాని సంతకం పెట్టాలన్నారు. ఇక్కడే ఉంది మెలిక. 1956 నాటి ఆంధ్ర ప్రాంత కౌలు చట్టం కౌలుదారుకు ఆరేళ్ల కాలపరిమితి ఇచ్చింది. ఆ రోజు నుంచీ కౌలు మాట కాగితం మీద పెట్టడమంటే భూస్వాములకు వణుకే. కొత్త కార్డు వల్ల భూమి మీద ఏ హక్కూ రాదని చట్టంలోనే రాసినా ఆ భయం పోలేదు. పోలేదనేకంటే, పోగొట్టుకోవడానికి ఇష్టపడలేదనాలి. పెట్టుబడి సాయమూ పంట రుణమూ తన పేరున వస్తుంటే ఏ ఆసామి మాత్రం సంతకం పెడతాడు? అడిగితే వచ్చే ఏడు కౌలే ఉండదు. అందుకే చాలామంది అడగరు కూడా.

ఇంత తనిఖీ ఎందుకంటే అధికారులు చెప్పే కారణం ఒకటుంది. దాన్ని తోసిపారేయనక్కర్లేదు. వర్తకులు ఊళ్లలో తక్కువకు కొన్న ధాన్యాన్ని రైతుల పేర్లతో కేంద్రాలకు తోలి మద్దతు ధర కాజేయడం కొత్తకాదు. పేరూ పొలమూ సరిచూస్తే దీన్ని ఆపవచ్చునంటారు. కానీ వర్తకుడికి కావలసిన కాగితాలన్నీ పట్నంలో ఉండే భూమి యజమాని దగ్గర సిద్ధంగా ఉన్నాయి కదా! ఆయన పాసు పుస్తకం, ఆయన ఖాతా దొరికితే వల దాటినట్టే. ఆ వలలో చిక్కేది పంట పండించిన కౌలుదారు. వేళ్లు అరిగిపోయి యంత్రం మీద ముద్ర పడని ముసలి కూలీ.

అసలు మార్కెట్లో గుర్తింపు అనే నిబంధన ఎవరికోసం పుట్టిందో ఒకసారి గుర్తు చేసుకోవాలి. మద్రాసు రాష్ట్రంలో 1933లో వాణిజ్య పంటల మార్కెట్ల చట్టం వచ్చింది. తర్వాత 1966లో ఆంధ్రప్రదేశ్ మార్కెట్ల చట్టం వచ్చింది. వీటిలో లైసెన్సు తీసుకోవలసింది కొనేవాడు. వర్తకుడు, కమీషన్ ఏజెంటు, కాటాదారు తమ పేర్లు నమోదు చేయించుకోవాలి. రైతు కాదు. ఎందుకంటే డబ్బు ఎగ్గొట్టి పారిపోగలిగేది కొన్నవాడే. అనకాపల్లి బెల్లం మార్కెట్లో కొలగారు ఎవరో, వర్తకుడు ఎవరో ఊరూవాడా తెలుసు. దిమ్మలు తెచ్చిన రైతును నీ వేలిముద్ర ఏదని అడిగినవాడు లేడు.

ఈ క్రమాన్ని తలకిందులు చేసే ప్రయత్నం 2020లో బాహాటంగా జరిగింది. కేంద్ర ప్రభుత్వం తెచ్చిన మూడు సాగు చట్టాల్లో వ్యాపారానికి సంబంధించిన దానిలో, రైతు దగ్గర పంట కొనడానికి వర్తకుడికి పాన్ కార్డు ఉంటే చాలన్నారు. లైసెన్సు లేదు, హామీ లేదు. ఆన్‌లైన్ వ్యాపార వేదికలు పెట్టుకోవడానికి కంపెనీలకూ తలుపులు తెరిచారు. ఢిల్లీ సరిహద్దుల్లో రైతులు ఏడాదికి పైగా కూర్చుని పోరాడితే 2021 డిసెంబరు నాటికి ఆ చట్టాలు పోయాయి. పోరాటంలో మద్దతు ధర మాట అందరికీ వినిపించింది. పాన్ కార్డు మాట అంతగా వినిపించలేదు. కానీ అదీ చిన్న విషయం కాదు. కొనేవాడికి ఒక్క కార్డు చాలు, అమ్మేవాడు మాత్రం వేలిముద్రతో సహా సమస్తం అప్పజెప్పాలి అన్న ఆలోచన చట్టాలతోపాటు రద్దు కాలేదు.

ప్రైవేటు ఆన్‌లైన్ దుకాణాలకు వస్తే కథ ఇంకోలా ఉంటుంది. ఏజెన్సీ పసుపు, మిరియాలు, కాఫీ, జీడిపప్పు, బెల్లం, ఏటికొప్పాక లక్క బొమ్మలు ఇప్పుడు ఫోనులో అమ్ముడవుతున్నాయి. మహిళా సంఘాలను కూడా ఆ దారి పట్టమంటున్నారు. 2020 జూలైలో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం అమ్మేవారి వ్యాపారం పేరు, చిరునామా, ఫిర్యాదుకు ఫోను నంబరు కొనేవారికి కనబడేలా పెట్టాలి. బడా కంపెనీకి ఆఫీసు చిరునామా ఉంటుంది. మరి ఇంటి వసారాలో పసుపు దంచి పొట్లాలు కట్టే ఆడమనిషికి? ఆమె వ్యాపారం చిరునామా అంటే ఆమె ఇల్లే. దేశంలో ఎవడైనా ఆ ఇల్లు ఎక్కడుందో చూసుకోవచ్చు.

అమెరికాలో కూడా 2023 జూన్ 27 నుంచి ఇటువంటి చట్టమే అమల్లోకి వచ్చింది. అయితే అక్కడ ఏడాదిలో 200 అమ్మకాలు, 5,000 డాలర్ల రాబడి దాటినవారికే ఆ తనిఖీ. 20,000 డాలర్లు దాటినవారే పేరూ చిరునామా బయటపెట్టాలి. వారిలో కూడా ఇంటి నుంచే వ్యాపారం చేసేవాళ్లు ఇంటి చిరునామా దాచుకుని, దేశం పేరూ రాష్ట్రం పేరూ చూపితే సరిపోతుంది. పెట్టుబడిదారీ దేశంలో చిన్న అమ్మకందారుకు ఇచ్చిన ఆ కాస్త చాటు మన దగ్గర ఇవ్వడానికి అడ్డేమిటి?

పన్ను విషయంలోనూ అంతే. ఆన్‌లైన్‌లో అమ్మేవారికి ఎంత చిన్నవారైనా జీఎస్టీ నమోదు తప్పదన్న నిబంధనను 2023 అక్టోబరు 1 నుంచి కొంత సడలించారు. కానీ సొంత రాష్ట్రంలో అమ్మితేనే ఆ సడలింపు. నర్సీపట్నం నుంచి పొట్లం ఒడిశా సరిహద్దు దాటితే మళ్లీ నమోదు, మళ్లీ కాగితాలు. ఒడిశా మనకెంత దూరమో చెప్పనక్కర్లేదు.

ఇన్ని చోట్ల ఇచ్చిన వివరాలు ఎక్కడికి పోతున్నాయి? ఈ ప్రశ్న వేస్తే ‘మీకు దాచుకోవడానికి ఏముంది?’ అని ఎదురడుగుతారు. జరిగినవి చెబుదాం. 2017 మేలో వెలువడిన ఒక పరిశీలన ప్రకారం నాలుగు ప్రభుత్వ వెబ్‌సైట్లలో కలిపి 13 కోట్ల దాకా ఆధార్ నంబర్లు బట్టబయలుగా ఉన్నాయి. ఆ నాలుగింటిలో రెండు మన రాష్ట్రానివి. ఒకటి ఉపాధి కూలీల చెల్లింపులది, రెండోది అసంఘటిత కార్మికుల చంద్రన్న బీమాది. అంటే బయటపడింది కూలీల వివరాలే. 2018లో రాష్ట్ర గృహ నిర్మాణ సంస్థ సైటులో లక్షా ముప్పై నాలుగు వేల మంది ఇళ్ల లబ్ధిదారుల ఆధార్ నంబర్లు కులం, మతం వివరాలతో సహా కనిపించాయి. అదే ఏడు తెలంగాణలోని పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్ కార్డుల వ్యాపారి భూముల రిజిస్ట్రేషన్ దస్తావేజులను ఇంటర్నెట్ నుంచి దించుకున్నాడు. వాటి మీది వేలిముద్రలతో రబ్బరు ముద్రలు తయారుచేసి వేల సిమ్ కార్డులు నడిపించాడు. ఫోను నంబరు పోతే మార్చుకోవచ్చు. వేలు మార్చుకోగలమా?

దొంగలు దోచుకునేది ఒక ఎత్తు, ప్రభుత్వమే చేతికిచ్చేది ఒక ఎత్తు. 2021 ఏప్రిల్‌లో కేంద్ర వ్యవసాయ శాఖ మైక్రోసాఫ్ట్‌తో ఒప్పందం చేసుకుంది. ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో వంద గ్రామాలను ప్రయోగానికి ఎంచారు. రైతును అడగకుండా రైతు సమాచారంతో బేరమేమిటని యాభైకి పైగా సంఘాలు అప్పుడే నిరసన తెలిపాయి. 2024 సెప్టెంబరులో 2,817 కోట్ల రూపాయలతో డిజిటల్ వ్యవసాయ మిషన్‌ను ఆమోదించారు. 11 కోట్ల మంది రైతులకు గుర్తింపు సంఖ్య లక్ష్యం. భూమి రికార్డు, వేసిన పంట దానికి ముడిపడతాయి. ఎవరికి ఎన్ని బస్తాలు పండుతాయో కోతకు ముందే తెలిసిన వర్తకుడు ధర ఎలా కడతాడో మన రైతుకు ఎవరూ బోధించనక్కర్లేదు.

సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తులతో గోప్యత ప్రాథమిక హక్కని తేల్చింది. 2018 సెప్టెంబరులో ప్రైవేటు కంపెనీలు ఆధార్ కోసం పట్టుబట్టడానికి వీలిచ్చిన 57వ సెక్షనును కొట్టేసింది. తర్వాతి ఏడు చట్టాన్ని సవరించి, స్వచ్ఛందం పేరుతో దొడ్డిదారి తెరిచారు. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చేశారు. అందులో రాయితీ, సాయం, సేవ ఇవ్వడానికైతే ప్రభుత్వం మన అనుమతి లేకుండానే సమాచారం వాడుకోవచ్చునన్నారు. పైగా అదే చట్టంతో సమాచార హక్కు చట్టాన్ని సవరించారు. 2025 నవంబరులో అది అమల్లోకి వచ్చింది. ఫలానా కేంద్రంలో ఎవరెవరి పేర్ల మీద ఎంత ధాన్యం అమ్ముడైందని అడిగితే ‘అది వ్యక్తిగత సమాచారం’ అని తిప్పి పంపడానికి అధికారికి ఇప్పుడు మంచి సాకు దొరికింది. కూలీ ఆధార్ నంబరు గోడెక్కినా ఫరవాలేదు, ఆసామి అమ్మిన బస్తాల లెక్క మాత్రం రహస్యం! అయినా ప్రజా ప్రయోజనం ఉంటే ఇవ్వాలన్న 8(2) సెక్షను ఇంకా ఉంది. దరఖాస్తులో ఆ సెక్షను పేరు రాసి మరీ అడగాలి.

ఊళ్లో సంఘం వెంటనే చేయగల పనులు కొన్ని ఉన్నాయి. జెరాక్సు ఇవ్వాల్సి వస్తే చివరి నాలుగంకెలే కనిపించే ఆధార్ కాపీ ఇవ్వండి. దాని మీద ఎందుకిస్తున్నారో, తేదీ ఎంతో అడ్డంగా రాయండి. ఫోనుకు వచ్చిన ఓటీపీ దళారీకి గానీ, సాయం చేస్తానన్న కుర్రాడికి గానీ చెప్పొద్దు. వేలిముద్ర వేసిన ప్రతిసారీ రసీదు అడగండి. రసీదు మీద ఎవరి పేరుంది, ఎవరి ఖాతా ఉందో చదువుకున్నవాళ్లతో చదివించుకోండి. వేలిముద్ర వాడకం ఆపేయాలంటే ఆధార్‌లోనే తాళం వేసుకునే వీలుంది. అవసరమైనప్పుడు తెరుచుకోవచ్చు.

అన్నిటికంటే ముఖ్యం ఈ-పంట జాబితా. సామాజిక తనిఖీకని దాన్ని రైతు సేవా కేంద్రం దగ్గర అంటిస్తారు. కౌలుదార్లు నలుగురూ కలిసి వెళ్లి సర్వే నంబరు వారీగా చూడాలి. తాము దున్నిన చెక్కలో మరొకరి పేరుంటే అభ్యంతరం రాతపూర్వకంగా ఇచ్చి, తీసుకున్నట్టు సంతకం చేయించుకోవాలి. గడువు కొద్ది రోజులే. అది దాటాక ఆ సీజనులో పేరు ఎక్కించుకోవడం కష్టం.