ఇంటి శుభ్రత – ఇంటిల్లిపాది బాధ్యత



దోహా నగరంలో ఒక తెలుగువారి ఇల్లు ఉందనుకొందాం. మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. తండ్రి తెల్లవారుజామునే పనికి వెళతాడు. తల్లికీ ఉద్యోగం ఉంది. అక్కా తమ్ముడూ బడిలో చదువుకొంటున్నారు. జూన్ నెలలో ఒక గురువారం రాత్రి తల్లి ఇల్లంతా ఊడ్చి, తడిగుడ్డ పెట్టి, బల్లలు తుడిచి పడుకొంది. తెల్లవారేసరికి బయట గాలి హోరుమంటోంది. ఆకాశం పసుపురంగుకు తిరిగింది. కిటికీలన్నీ మూసే ఉన్నాయి. అయినా తమ్ముడు భోజనాల బల్లమీద వేలితో తన పేరు రాస్తే అక్షరాలు స్పష్టంగా కనిపించాయి.

సాయంత్రానికి గాలి తగ్గింది. సెలవురోజు కదా అని నాన్నగారి స్నేహితులు భార్యాబిడ్డలతో వచ్చారు. సోఫా నిండా ఉతికిన బట్టలు, బల్లమీద పుస్తకాలు, మూలన అట్టపెట్టెలు, అన్నిటిమీదా దుమ్ము. అమ్మ గబగబా బట్టలు తీస్తూ, "ఇల్లు ఇలా ఉంది, ఏమీ అనుకోకండి వదినా!" అంది. ఆమె ముఖం చిన్నబోయింది. ఆ రాత్రి తమ్ముడికి దగ్గు, ఆయాసం. వాడికి ఉబ్బసం ఉంది. అమ్మ నిద్ర లేకుండా వాడి పక్కనే కూర్చుంది.

"ఇంటిని చూసి ఇల్లాలిని చూడు" అని మనలో ఒక సామెత ఉంది. ఆ సామెత ప్రకారం తప్పు అమ్మదేనా? నిన్న రాత్రి తుడిచిన బల్లమీదికి దుమ్ము ఎక్కడినుంచి వచ్చింది? ఈ ప్రశ్నలకు జవాబు తెలుసుకొందాం.

ఖతర్ మూడు వైపులా సముద్రం ఉన్న చిన్న ద్వీపకల్పం. దేశంలో ఎక్కువ భాగం ఎడారి. తెలుగు రాష్ట్రాలలో సంవత్సరానికి సగటున సుమారు 900 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. ఖతర్‌లో కురిసేది సుమారు 80 మిల్లీమీటర్లే. వాన లేనిచోట మొక్క లేదు. మొక్క లేనిచోట మట్టిని పట్టి ఉంచే వేరు లేదు. అందువల్ల గాలి వీస్తే చాలు, మట్టి లేస్తుంది.

ఆ గాలికి ఇక్కడివారు పెట్టిన పేరు షమాల్. అరబ్బీలో షమాల్ అంటే ఉత్తరదిక్కు. నిజానికి ఈ గాలి వీచేది వాయవ్యం నుంచి. మన పెద్దలు ఆ మూలను వాయుదేవుడి మూల అన్నారు గదా! ఇది ఇరాక్‌లోని టైగ్రిస్, యూఫ్రటీస్ నదుల మైదానాల మీదుగా వస్తుంది. ఆ నదులు యుగయుగాలుగా తెచ్చి పరిచిన మెత్తని మట్టిని ఎత్తుకొని వందల కిలోమీటర్లు మోసుకొస్తుంది. జూన్, జూలై నెలలలో దీని ఉద్ధృతి ఎక్కువ. అంటే తమ్ముడు బల్లమీద తన పేరు రాసింది ఏ నదీతీరపు మట్టిమీదనో కావచ్చు.

కిటికీలు మూసి ఉన్నా ఆ మట్టి లోపలికి ఎలా వచ్చింది? దుమ్ముకణాలు ఎంత చిన్నవో తెలిస్తే ఇది అర్థమవుతుంది. మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే అందులో ఒక భాగం మైక్రాన్. మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. సన్నని ధూళికణాలు 10 మైక్రాన్లు, ఇంకా తక్కువ కూడా ఉంటాయి. తలుపు కింది సందు మనకు సన్నగా కనిపించినా, వాటికి అది పెద్ద సింహద్వారమే. ఇసుకరేణువు బరువైనది కాబట్టి త్వరగా నేల చేరుతుంది. కాని 2 మైక్రాన్ల కణం గాలి కదలని గదిలో కూడా మనిషి ఎత్తునుంచి నేలకు దిగడానికి గంటకు పైగా పడుతుంది. అంతసేపూ మనం పీల్చే గాలిలోనే అది తేలుతూ ఉంటుంది. ఉబ్బసం ఉన్న పిల్లలకు బాధ కలిగించేది ముఖ్యంగా ఇలాంటి సన్నని ధూళి.

ఇంట్లోని దుమ్మంతా బయటినుంచే రాదు. బట్టల నూలుపోగులు, మన ఒంటిమీదినుంచి రాలే చర్మపు పొలుసులు కూడా అందులో ఉంటాయి. ఆ పొలుసులను తిని బతికే ధూళిపురుగులు పరుపులలో, దిండ్లలో చేరతాయి. వాటి పొడవు సుమారు మిల్లీమీటరులో మూడోవంతు. వాటి రెట్ట కొందరికి తుమ్ములను, ఉబ్బసాన్ని తెస్తుంది. దుప్పట్లు, దిండు గలీబులు వారానికొకసారి వేడినీళ్లలో ఉతకమనేది ఇందుకే.

ఊడ్చేవారు లేకపోతే ఏమవుతుందో చూడాలంటే ఖతర్‌లోనే ఒక చోటు ఉంది. దోహాకు సుమారు 100 కిలోమీటర్ల దూరంలో, వాయవ్య తీరాన, అల్ జుబారా అనే పాతపట్టణం ఉంది. 18వ శతాబ్దం చివర, 19వ శతాబ్దం మొదట అది ముత్యాల వ్యాపారంతో వెలిగింది. 1811లో ధ్వంసమైంది. 20వ శతాబ్దం మొదట్లో జనం దానిని పూర్తిగా విడిచిపోయారు. తరవాత ఎడారిగాలి తన పని తాను చేసుకొంటూ పోయింది. ఇళ్లు, వీధులు, మసీదులు, బజార్లు ఇసుక కిందికి వెళ్లాయి. ఆ ఇసుకే వాటి అవశేషాలను చెడిపోకుండా కాపాడింది కూడా. 2013లో యునెస్కో ఆ పట్టణాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. చీపురు పట్టే చెయ్యి లేకపోతే ఒక పట్టణమే ఇసుకలో కలిసిపోయింది. అలాంటప్పుడు ఒక్క రాత్రిలో బల్లమీద దుమ్ము పడడంలో వింత ఏముంది?

కాబట్టి మొదటి సంగతి ఇది. దుమ్ము పడడం ఎవరి తప్పూ కాదు. ఇల్లు ఒకసారి శుభ్రం చేస్తే అయిపోయే పని కూడా కాదు. అన్నం వండుకొన్నట్లే అదీ ఏ రోజు పని ఆ రోజుదే.

ఇక రెండో సంగతి. దుమ్ము వేరు, చిందరవందర వేరు. దుమ్ము తనంతట తానే వస్తుంది. చిందరవందరను మనం చేతులారా తెస్తాం. పరదేశంలో ఉన్నవారి ఇళ్లలో ఇది మరీ ఎక్కువ. ఊరికి పట్టుకుపోవడానికి కొన్న వస్తువులు, ఎప్పటికైనా పనికి వస్తాయని దాచిన అట్టపెట్టెలు, మంచాల కింద సూట్‌కేసులు, పొట్టి అయిపోయిన బట్టలు, నిరుటి పుస్తకాలు. ఇల్లు రెండు గదులే. వస్తువులు నాలుగు గదులవి. ఖాళీ బల్లను తుడవడానికి ఒక నిమిషం చాలు. అదే బల్లమీద ఇరవై వస్తువులుంటే ఇరవైటినీ ఎత్తాలి, తుడవాలి, మళ్లీ పెట్టాలి. అమ్మ అలసిపోయేది అసలు ఈ పనితోనే. ప్రతి వస్తువుకూ ఒక చోటు ఉండాలి. చోటు లేని వస్తువు ఇంట్లో ఉండాలా అని ఆలోచించాలి. సంక్రాంతికి ముందు మనవాళ్లు బూజులు దులిపి, భోగినాడు పాతవాటిని వదిలించుకోవడం మీరు వినే ఉంటారు. పనికివచ్చే పాతవాటిని కాల్చనక్కరలేదు. అవసరమైనవారికి ఇస్తే ఇంట్లో చోటు మిగులుతుంది, ఎదుటివారికి మేలు జరుగుతుంది.

దుమ్మును తీయడానికీ ఒక పద్ధతి ఉంది. మన ఊళ్లలో తెల్లవారగానే వాకిట్లో కళ్లాపి చల్లుతారు. నీళ్లు పడిన మట్టి కణాలు ఒకదానికొకటి అంటుకొని బరువెక్కుతాయి, గాలికి లేవవు. ఇక్కడి మేడలకు వాకిలి లేదు. కాని కళ్లాపిలోని సూత్రం ఇక్కడా పనిచేస్తుంది. పొడిగుడ్డతో దులిపితే దుమ్ము లేచి గాలిలో తేలి, మళ్లీ అక్కడే పడుతుంది. తడిపి గట్టిగా పిండిన గుడ్డతో తుడిస్తే గుడ్డకు అంటుకొని బయటికి పోతుంది. ఎప్పుడూ పైనుంచి కిందికి తుడవాలి. ముందు అలమర పైభాగం, తరవాత బల్ల, చివర నేల. ముందే నేల తుడిచి తరవాత అలమర దులిపితే చేసిన పనే మళ్లీ చేయవలసి వస్తుంది. ఏసీలోని ఫిల్టరును పెద్దవారి సహాయంతో నెలకొకసారైనా కడగాలి. గాలి వీచే రోజున తలుపు కింది సందులో తడి తువ్వాలు పెట్టాలి.

నీటి విషయంలో జాగ్రత్త అవసరం. ఖతర్‌లో నదులు లేవు. తాగే నీరు దాదాపు అంతా సముద్రపు నీటినుంచి ఉప్పు తీసి తయారుచేసినదే. తాగునీటిని గొట్టంతో వదిలి కార్లు, పెరళ్లు కడగడాన్ని 2008లో వచ్చిన 26వ నంబరు చట్టం నిషేధించింది. అర బకెట్టు నీళ్లు, ఒక గుడ్డ ఉంటే ఒక గది శుభ్రమవుతుంది.

ఇంకొక హెచ్చరిక. బ్లీచింగ్ ద్రవాన్ని, మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌ను ఎప్పుడూ కలపకూడదు. కలిపితే క్లోరిన్ అనే విషవాయువు పుడుతుంది. ఈ సీసాలను పిల్లలు ముట్టుకోకూడదు. అవి పెద్దవారి పని.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. ఈ పని అంతా ఎవరు చేయాలి?

మన జగిత్యాల, నిజామాబాద్, కరీంనగర్ ప్రాంతాలనుంచి వచ్చి ఇక్కడ కష్టపడే అన్నలను అడిగి చూడండి. వారు ఒక గదిలో పలువురు కలిసి ఉంటారు. ఒక గదిలో నలుగురికి మించి ఉండకూడదని, ఒక్కొక్కరికి కనీసం 6 చదరపు మీటర్ల చోటు ఉండాలని 2014లో ఇక్కడి ప్రభుత్వం నిబంధన పెట్టింది. అలాంటి గదుల్లో అమ్మ ఉండదు, అక్క ఉండదు. మరి ఊడ్చేదెవరు? వారు వంతులు వేసుకొంటారు. ఈ రోజు ఒకరిది వంట, ఒకరిది గిన్నెలు, ఒకరిది గది ఊడ్చడం. ఎంత అలసివచ్చినా తన వంతు తాను చేస్తాడు. చేయకపోతే తక్కినవారు ఊరుకోరు. ఊళ్లో ఉండగా చీపురు ముట్టని మగవాళ్లు కూడా ఇక్కడికి వచ్చి చక్కగా ఊడ్వడం నేర్చుకొన్నారు. నేర్చుకొంటే రాని పని కాదని దీనివల్ల తెలుస్తున్నది.

గోదావరి జిల్లాలనుంచి, కడప జిల్లానుంచి వచ్చి గల్ఫ్ దేశాలలో ఇతరుల ఇళ్లు శుభ్రంచేసే అక్కలు, పిన్నులు ఎందరో ఉన్నారు. తమ పిల్లలను ఊళ్లో అమ్మమ్మల దగ్గర వదిలి, ఇక్కడ ఇంకొకరి పిల్లల గదులు సర్దుతారు. ఇంటి పనివారికి రోజుకు పది గంటలకు మించి పని ఉండకూడదని, వారానికొక రోజు సెలవు ఇవ్వాలని 2017లో ఖతర్‌లో చట్టం వచ్చింది. చట్టం గంటలు లెక్కపెట్టిందంటే, ఇంటిపని కూడా పనే అని ఒప్పుకొన్నట్లే కదా! మరి మన ఇంట్లో అమ్మ చేసే పనికి గంటలు ఎవరు లెక్కపెడుతున్నారు? ఆమెకు వారంలో సెలవురోజు ఏది?

1901లో కలకత్తాలో కాంగ్రెసు మహాసభ జరిగింది. అక్కడి మరుగుదొడ్లు దుర్గంధంతో నిండి ఉండడం గాంధీజీ చూశారు. కార్యకర్తలతో చెబితే అది తమ పని కాదన్నారు. ఆయన ఎవరినీ నిందించలేదు. ఒక చీపురు అడిగి తెచ్చుకొని తానే శుభ్రంచేశారు. మురికి అందరిదీ, శుభ్రంచేసే పని మాత్రం ఇంకొకరిది అనుకోవడమే అసలైన మురికి.

మళ్లీ మన కథలోని ఇంటికి వెళదాం. మరుసటి శుక్రవారం అక్క ఒక కాగితంమీద నలుగురి పేర్లు రాసి వంటగది తలుపుకు అంటించింది. నాన్న ఊడ్చి తడిగుడ్డ పెడతాడు. అక్క ఉతికిన బట్టలు మడతపెడుతుంది. తమ్ముడు రాత్రి పడుకోబోయేముందు బల్లమీది వస్తువులన్నీ వాటి వాటి చోట్లలో పెడతాడు. దుమ్ము లేచే పని వాడికి ఇవ్వలేదు. అమ్మది వంట. సోమవారం తమ్ముడు మరచిపోయాడు. బుధవారం నాన్న ఆలస్యంగా వచ్చి అలాగే పడుకొన్నాడు. కాగితం చూసి అందరూ నవ్వుకొన్నారు, మరునాడు మళ్లీ మొదలుపెట్టారు. ఇల్లు అద్దంలా మెరిసిపోలేదు. షమాల్ గాలి మళ్లీ వీచింది, దుమ్ము మళ్లీ పడింది. కాని బల్లమీద వస్తువులు లేవు కాబట్టి దానిని తుడవడం నిమిషంలో అయిపోయింది. తక్కిన పనీ నలుగురూ పంచుకొన్నారు. ఆ రాత్రి అమ్మ పది గంటలకే నిద్రపోయింది.

"ఇంటిని చూసి ఇల్లాలిని చూడు" అన్న సామెతను మనం కొంచెం మార్చుకొందాం. ఇంటిని చూసి ఇంటివారినందరినీ చూడాలి. రేపు మీ ఇంటికి ఎవరైనా వచ్చినప్పుడు అమ్మ ఒక్కతే నొచ్చుకోవలసిన పని లేదు. ఆ ఇల్లు మీదీ, ఆ చీపురూ మీదే.

ఆలోచించండి – చెప్పండి

1. కిటికీలు మూసి ఉన్నా దుమ్ము ఇంట్లోకి ఎలా వస్తుంది?
2. కళ్లాపి చల్లడానికీ తడిగుడ్డతో తుడవడానికీ ఉన్న పోలిక ఏమిటి?
3. అల్ జుబారా పట్టణం ఇసుక కిందికి ఎందుకు పోయింది?
4. మీ ఇంట్లో ఒకరోజు జరిగే పనులన్నీ రాయండి. వాటిలో ఏది ఎవరు చేస్తున్నారో ఎదురుగా రాసి, మీ వంతుకు ఒక పని చేర్చుకోండి.