పోవుడు తప్పు గాదు.. చెప్పకుంట పోవుడే తప్పు

మొన్న ఐతారం రాత్రి ఒక మెయిల్ రాసిన. గట్టిగ లెక్కవెడితే పది లైన్లు లేదు. గని అది రాసుటానికి నాకు రెండు గంటలు పట్టింది. "ఇగ మీదికెళ్లి నేను ఈ పనిల ఉండ. నా కాడున్నదంత ఇద్దరికి అప్పజెప్పిన. ఇన్నొద్దులు నాతోని ఓపిక పట్టినందుకు అందరికి శనార్థులు." గిదీ దాని సారం.

ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కు తెలుగు మాటలు రాసే ఒక గుంపుల ఏడేండ్లు పనిచేసిన. రూపాయి జీతం లేదు. గసొంటి పనికి రాజీనామా ఏంది, పోవుడంటే పోవుడే గదా అని మీరు అనచ్చు. ఒకప్పుడు నేను సుత గట్లనే అనుకున్న. అనుకోని, ఒకసారి చెప్పకుంట పోయిన. అండ్ల ఒక చెల్లె గోసపడ్డది. గా తప్పు చెప్పుకునుటానికే ఇది రాస్తున్న. మీల ఎవలన్న రేపు ఇసొంటి పనిలకు వస్తరు, ఎప్పుడో ఒకప్పుడు పోతరు. పోయేటప్పుడు యాదికుండాలె.

ఓపెన్ సోర్స్ అంటే ఏంది?

తెల్వనోళ్ల కోసం ముందుగాల గీ ముచ్చట. సాఫ్ట్‌వేర్ అంటే కంప్యూటర్‌కు చెప్పే పనుల చిట్టా. దాన్నే కోడ్ అంటరు. శానా కంపెనీలు గా చిట్టాకు తాళమేసి దాస్తయి. ఓపెన్ సోర్సోళ్లు బయట పెడ్తరు. ఎవలైనా చదువుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. గీ హక్కులు లైసెన్స్ అనే కాయితంల రాసి ఉంటయి. మీ ఆండ్రాయిడ్ ఫోన్ల అడుగున నడిచే లినక్స్ గసొంటిదే. 1991ల ఫిన్లాండ్ల చదువుకునే పోరడు లైనస్ టోర్వాల్డ్స్ దాన్ని మొదలువెట్టిండు. సినిమాలు చూసే వీఎల్‌సీ, నెట్ చూసే ఫైర్‌ఫాక్స్ కూడ గసొంటియే.

కోడ్ అందరిదైనా, చూసుకునేటోళ్లు కొందరే. ఊరి చెరువు అందరిదే గని, తూము ఎప్పుడు ఇప్పాలె, ఏ మడికి ఎన్ని నీళ్లు పోవాలె అన్నది నీరటికే ఎరుక. ఓపెన్ సోర్స్‌ల గా నీరటిని మెయింటెయినర్ అంటరు. ఎవలన్న మార్పు పంపితే చూస్తడు, మంచిగుంటే కలుపుతడు, లేకుంటే తిప్పి పంపుతడు. మస్తుమందికి దీనికి పైసలు రావు. పగలు నౌకరి చేసుకొని రాత్రి గీ పని చేస్తరు. నీరటి ఎవలికి చెప్పకుంట ఊరిడిసిపోతే ఏమైతది? చెర్ల నీళ్లుంటయి, మడి మాత్రం ఎండుతది.

మన తెలుగు ఎట్ల నిలవడ్డది

గియ్యాల ఫోన్ల తెలుగుల చాటింగ్ చేసుడు అల్కగ అయింది. ఇరవై ఏండ్ల కింద గట్ల లేకుండె. ఒక్కో తెలుగు పేపర్ వెబ్‌సైటుకు ఒక్కో ఫాంటు. ఆ ఫాంటు మీ కంప్యూటర్ల లేకుంటే అక్షరాల జాగల పిచ్చి గీతలు కనవడేటియి. అప్పుడు వెన్న నాగార్జున అనే ఆయన 'పద్మ' అని ఒక పనిముట్టు తయారు చేసిండు. అది పాత ఫాంట్ల రాతను యూనికోడ్ తెలుగులకు మార్చేది. 2003 డిసెంబరుల తెలుగు వికీపీడియాను మొదలువెట్టింది సుత ఆయనే. తర్వాత 2006ల వీవెన్ 'లేఖిని' తెచ్చిండు. ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగు పడేటిది. దానికి పునాది పద్మ కోడే. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన ఫాంట్లు చేసి ఊకెనే ఇచ్చిండు. 2005ల హైదరాబాద్‌ల మొదలైన 'స్వేచ్ఛ' సంస్థ కాలేజీ పోరగాళ్లను కూడగట్టి లినక్స్‌ను తెలుగుల చూపెట్టింది.

గిండ్ల నాకు మస్తు నచ్చిన ముచ్చట ఒకటున్నది. పద్మ రాసింది ఒకలు, లేఖిని తెచ్చింది ఇంకొకలు. ఒకల చేతుల పని ఇంకొకల చేతికి అందింది. పద్మ కోడ్‌కు తాళమేసి ఉంటే లేఖినికి మల్ల మొదటికెళ్లి పునాది తవ్వాల్సి వచ్చేది. ఓపెన్ సోర్స్‌ల ఎవ్వలు కలకాలం ఉండరు. పని చేతులు మారుకుంట పోవాలె, గప్పుడే అది బతుకుతది.

నేను చేసిన తప్పు

నాది కోరుట్ల. మా నాయిన మస్కట్ల పనిచేసేటోడు. నేను జగిత్యాల దిక్కు ఇంజినీరింగ్ చదివేటప్పుడు ఒక సీనియర్ పెన్‌డ్రైవ్‌ల లినక్స్ ఏసిచ్చిండు. భాష తెలుగుకు మార్చి చూస్తే సగం తెలుగు, సగం ఇంగ్లిష్. "అన్నా, మిగిలిన సగం ఎవలు చేస్తరే?" అని అడిగిన. "నువ్వే చెయ్యాలె" అన్నడు. గట్ల షురువైంది.

పని చూస్తే చిన్నది. తెర మీద కనవడే ఒక్కో మాటకు తెలుగు రాయాలె. సేవ్‌కు 'భద్రపరుచు', ఫైల్‌కు 'దస్త్రం'. ఇంటికాడ దస్త్రం అని చదివితే మా తాత నవ్విండు. "పట్వారి దస్త్రాలు కంప్యూటర్లకు సుత అచ్చినయారా?" అన్నడు. గుంపుల ఎవలైనా మాటలు పంపచ్చు గని, వాటిని సరిచూసి ఒప్పుకునే అధికారం కొందరికే ఉంటది. రెండేండ్లకు నాకు గా అధికారం ఇచ్చిండ్రు. తెలుగుకు గది ఉన్నోళ్లం ఇద్దరమే. రెండో ఆయన అప్పటికే ఇటు రాకుంట అయిండు.

తర్వాత నాకు హైదరాబాద్ల నౌకరి దొరికింది. రాత్రి షిఫ్టులు. గదే టైంల అమ్మకు పానం బాగలేకుండె. గుంపు దిక్కు చూసుడు తగ్గింది. "రేపు చేద్దం, ఐతారం చేద్దం" అనుకుంట ఎనిమిది నెలలు గడిచినయి. పోతున్న అని ఎవలికీ చెప్పలే. నేను పోయిన్నని నాకే తెల్వలే.

గా ఎనిమిది నెలల్లనే సిరిసిల్ల నుంచి ఒక పిల్ల కొత్తగ వచ్చింది. డిగ్రీ చదువుతున్నది. మూడు వందల పైన మాటలు రాసి పంపింది. ఒక్కటి సుత ముందటికి పోలే, ఎందుకంటే ఒప్పుకునేటోడు నేనే. నాకు మూడు మెసేజ్‌లు పెట్టింది. మొదటిది చూడలే. తర్వాతియి చూసిన గని, ఇంత ఆలస్యమయ్యాక ఏం మొఖం పెట్టుకొని జవాబియ్యాలె అని ఊకున్న. ఆ పిల్ల పని బందువెట్టింది. కొత్త వెర్షన్ వచ్చింది, దాంట్ల మల్ల సగం ఇంగ్లిషే.

ఏడాది తర్వాత ఒక దోస్తు పెండ్లికి వేములవాడ మీదికెళ్లి సిరిసిల్ల పోయిన. ఫోన్ చేసి వాళ్లింటికి పోయి తప్పయిందని చెప్పిన. ఆ చెల్లె నన్ను ఒక్క మాట అనలే. "నా తెలుగు మంచిగ లేదేమో, మా సిరిసిల్ల మాటలు పనికి రావేమో అనుకొని బందువెట్టిన అన్నా" అన్నది. తిట్టినా గంత కుచ్చుకోకపోవు. ఆమె రాసిన మాటలు నా మాటల కన్న నయమున్నయి. నేను నోరు మూసుకొని కూసుంటే, తప్పు ఆమెదే అని ఆమె అనుకున్నది.

వాళ్ల నాయిన సాంచల మీద పనిచేస్తడు. మా ముచ్చట ఇని నన్ను సాంచ కాడికి తోలుకపోయిండు. "సూడు బిడ్డా, భీము అయిపోవత్తాంది. పోగులన్ని గుంజి పారేత్తమా? పారెయ్యం. కొసలు గట్లనే ఉంచుతం. కొత్త భీము పోగుల్ని గా కొసలకు ఒక్కోటి అతుకుతం. కొసలు లేకుంటే మల్ల మొదటికెళ్లి ఒక్కో పోగును సన్నటి కంతల్లకెళ్లి తియ్యాలె. దినాలు గుంజుతది" అన్నడు. నాకు బుద్ధి చెప్పాలె అని ఆయన అనలే, పని గురించి చెప్పిండు. నాకు మాత్రం తగలాల్సిన కాడ తగిలింది.

పోవుడు ఎట్ల చెడ్తది, ఎట్ల మంచిగైతది

గిది నా ఒక్కని కథ గాదు. 2016 మార్చిల ఒకాయన ఒక పేరు కాడ లొల్లి అయి, కోపంతోని తన ప్యాకేజీలన్ని ఇంటర్నెట్ నుంచి పీకేసిండు. అండ్ల 'లెఫ్ట్‌ప్యాడ్' అనేది 11 లైన్ల కోడ్. దాని మీద ఆనుకున్న ప్రాజెక్టులు వేలు. ప్రపంచమంత పనులు ఆగినయి. కొన్ని గంటల్ల దాన్ని మల్ల తెచ్చి పెట్టాల్సి వచ్చింది.

పీకేసుడు ఒక తప్పయితే, ఎవలు పడితే వాళ్లకు అప్పజెప్పుడు ఇంకో తప్పు. 2018ల 'ఈవెంట్ స్ట్రీమ్' అనే ప్యాకేజీని చూసుకునేటాయన, తను వాడుతనే లేడు గదా అని, అడిగిన కొత్త మనిషికి తాళాలిచ్చిండు. ఆ మనిషి అండ్ల బిట్‌కాయిన్లు దొంగిలించే కోడ్ పెట్టిండు. 2024ల 'ఎక్స్‌జెడ్' కథ ఇంకా పెద్దది. దాన్ని ఏండ్ల సంది దగ్గరదగ్గర ఒక్కడే మోసిన లాసె కొలిన్ అలిసిపోయిండు. జియా టాన్ అనే పేరుతోని ఒకలు రెండేండ్లకు పైన సాయం చేసినట్టే చేసి, నమ్మకం సంపాయించి, అధికారం తీసుకొని, దొంగ తొవ్వ పెట్టిండ్రు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు, లాగిన్ కావుటానికి అర సెకను ఎక్కువ పడుతున్నదేంది అని తవ్వి చూస్తే అది బయటపడ్డది. పోయేటోడు అలిసి ఉంటే, తొందరల ఎవలి చేతులనన్న పెట్టి పోబుద్ధయితది. దొంగలు చూసేది గా టైం కోసమే.

మంచిగ పోయినోళ్లు సుత ఉన్నరు. పైథాన్ భాషను తయారు చేసిన గైడో వాన్ రోసమ్ 2018 జులైల "ఇగ ఆఖరి మాట నాది గాదు" అని తప్పుకున్నడు. వారసున్ని పెట్టలే, మీరే తేల్చుకోండ్రి అన్నడు. వాళ్లు మాట్లాడుకొని 2019ల ఐదుగురి కమిటీని ఎన్నుకున్నరు. పైథాన్ ఆగలే. డెబియన్ అనే లినక్స్ గుంపుల పోవుటానికి పద్ధతే ఉన్నది. పోయేటోళ్లు మెయిల్ రాయాలె. వాళ్లు చూసుకునే ప్యాకేజీలను 'అనాథలు' అనే పట్టీల ఎక్కిస్తరు. ఇష్టమున్నోళ్లు దత్తత తీసుకుంటరు. పోయినోళ్ల పేరు గౌరవంగ ఉంటది, మల్ల వస్తే తలుపు తీస్తరు.

కొన్ని పోవుళ్లు చెప్పి రావు. 1991 సంది 'విమ్' ఎడిటర్‌ను నడిపిన బ్రామ్ మూలెనార్ 2023 ఆగస్టుల కాలం చేసిండు. పక్కన పని తెలిసినోళ్లు ఉండె గన్క క్రిస్టియన్ బ్రాబాంట్, ఇంకొందరు కలిసి దాన్ని అందుకున్నరు. తర్వాతి వెర్షన్‌ను బ్రామ్‌కే అంకితమిచ్చిండ్రు. అందుకే తాళాలు ఒక్కని కాడనే ఉండద్దు.

పోయేటప్పుడు ఏం చెయ్యాలె

మా కోరుట్ల, జగిత్యాల దిక్కు దుబాయ్ పోయేటోళ్లను చూడుండ్రి. విమానం ఎక్కే ముందు పట్టాపాస్‌బుక్కు ఏడున్నది, ఎవలికి ఎంత బాకీ, మోటర్ కరాబైతే ఎవల్ని పిలవాలె, అన్ని ఇంటోళ్లకు చెప్పి పోతరు. ఓపెన్ సోర్స్‌ల సుత గదే లెక్క.

ఒకటి, ముందుగాల చెప్పాలె. రేపు పోతూ ఇయ్యాల గాదు, నెల ముందే, అందరు చూసే కాడ. కారణం చెప్పుడు మీ ఇష్టం. "టైం లేదు" అన్నా చాలు.

రెండు, పేరు మీద పెట్టుకున్న పనులు ఇడవాలె. మీ పేరున్నదని ఇంకొకలు ముట్టరు.

మూడు, అధికారాలు, పాస్‌వర్డ్‌లు కనీసం ఇద్దరికియ్యాలె. ఎన్నొద్దుల సందో పని చేసినోళ్లకు, మీరెరిగినోళ్లకే ఇయ్యాలె. వెబ్‌సైట్ పేరు మీ కార్డు మీద కొన్నదైతే అది సుత మార్చాలె. లేకుంటే గడువు ముగిసినొద్దు సైటే మాయమైతది.

నాలుగు, నోటి లెక్కలను కాయితం మీద పెట్టాలె. నేను 'దస్త్రం' ఎందుకు పెట్టిన, ఏ మాట కాడ లొల్లి అయింది, అన్ని రాసిచ్చిన. లేకుంటే కొత్తగ వచ్చినోళ్లు ఇంకో మాట పెడ్తరు, ఒక్క మెనూల ఒక్క వస్తువుకు రెండు పేర్లయితయి.

ఐదు, తీసుకునేటోళ్లే లేకుంటే, "ఇగ దీన్ని ఎవలు చూసుకుంటలేరు" అని మొదటి పేజీల రాసి ఉంచాలె. పీకేయద్దు. లైసెన్స్ ఉన్నది గన్క ఎవలో ఒకలు దాన్ని తీసుకొని ముందటికి పోతరు.

ఇగ ఉండేటోళ్లకు ఒక మాట. పోయేటోన్ని "నడుమల ఇడిసిపెట్టి పోతున్నడు" అని అనకుండ్రి. ఊకె చేసిన పనికి ఎవ్వలు జీవితాంతం బాకీ ఉండరు. ఎందుకు అలిసిపోయిండో అడుగుండ్రి, పేరు మాత్రం తుడువకుండ్రి. కొత్తగ వచ్చినోళ్లకు వారం లోపట ఒక జవాబియ్యుండ్రి. "బాగలేదు" అన్నా సరే, జవాబే లేకుండుడు కన్న నయం.

సిరిసిల్ల చెల్లె మల్ల రాలే. రమ్మని అడిగితే, "ఇప్పుడు నౌకరి చేస్తున్న, టైం లేదన్నా" అన్నది. నేను ఒత్తిడి చెయ్యలే. ఆమె పంపిన మూడు వందల మాటలు మాత్రం నేను మల్ల కూసొని ఒక్కోటి చూసి, ఆమె పేరు మీదనే ఎక్కించిన. నా పని ఇప్పుడు జగిత్యాల పోరడు ఒకడు, వరంగల్ అమ్మాయి ఒకామె చూసుకుంటున్నరు. మెయిల్ పంపినంక పొద్దుగాల చూస్తే ఆ పోరని జవాబు ఉండె: "అన్నా, 'దస్త్రం' తీసేసి 'ఫైల్' అనే పెడ్దమా?"

నేను జవాబు రాయబోయి ఆగిన. తేల్చుకునేది ఇగ వాళ్లే.