సిక్స్త్ ఫామ్ ప్రవేశ పరీక్ష అడిగేదేమిటి?

ఇంగ్లండ్‌లో పిల్లలు పదహారేళ్లకు జీసీఎస్‌ఈ పరీక్షలు రాసి, ఆపైన రెండేళ్లు ఏ లెవెల్స్ చదువుతారు. ఆ రెండేళ్ల చదువునే సిక్స్త్ ఫామ్ అంటారు. వయసు చూసినా, యూనివర్సిటీకి ముందు మెట్టుగా చూసినా అది మన ఇంటర్మీడియట్ లాంటిదే. కాకపోతే ఎంపీసీ, బైపీసీ అంటూ కట్టగట్టి ఇచ్చే గ్రూపులు అక్కడ లేవు. విద్యార్థి తనకు కావలసిన మూడు సబ్జెక్టులు ఎంచుకుంటాడు, కొందరు నాలుగు తీసుకుంటారు. లెక్కలు, కెమిస్ట్రీ, చరిత్ర కలిపి చదివే పిల్లలూ ఉంటారు. స్కాట్లాండ్ పద్ధతి వేరు, దాని జోలికి ఇక్కడ వెళ్లడం లేదు.

ఇంగ్లండ్‌లో ఉంటున్న తెలుగు కుటుంబాల్లో పిల్లలు జీసీఎస్‌ఈకి ముందు ఏడాదైన ఇయర్ టెన్‌కు వచ్చేసరికి ఒక ప్రశ్న మొదలవుతుంది: పేరున్న సిక్స్త్ ఫామ్‌లో సీటు రావాలంటే ఎంట్రన్స్‌కి ఎలా చదివించాలి? ఎంట్రన్స్ అనగానే విజయవాడలోనో హైదరాబాద్‌లోనో చదువుకుని వచ్చిన తల్లిదండ్రులకు ఎంసెట్ గుర్తొస్తుంది, ఆ వెంటనే కోచింగ్ గుర్తొస్తుంది. సిలబస్ ముందే పూర్తి చేయించడం, వేల బిట్లు చేయించడం, వారం వారం ర్యాంకు చూడడం. ఆ పద్ధతి ఆ పరీక్షకు పనికొచ్చింది. ఈ పరీక్ష మరోలా ఉంటుంది. ఎలా ఉంటుందో తెలియకుండా పిల్లల్ని తోమితే వాళ్ల శ్రమ వృథా అవుతుందన్నదే నా బాధ.

అసలు చాలా సిక్స్త్ ఫామ్‌లలో ప్రవేశ పరీక్షే ఉండదు. ఇంగ్లండ్‌లో 163 గ్రామర్ స్కూళ్లున్నాయి. పదకొండేళ్లకు ఇలెవన్ ప్లస్ పరీక్ష పెట్టి పిల్లల్ని తీసుకునే ప్రభుత్వ బడులివి. ఆ పరీక్షకున్న పేరు వల్ల సిక్స్త్ ఫామ్‌కీ అలాంటిదే ఉంటుందని చాలామంది అనుకుంటారు. కానీ పదహారేళ్ల వయసులో బయటి పిల్లలను చేర్చుకునేటప్పుడు అవి చాలావరకు జీసీఎస్‌ఈ గ్రేడ్లనే చూస్తాయి. ఆ గ్రేడ్లు 9 నుంచి 1 వరకు ఉంటాయి, 9 అన్నిటికన్నా పైది. ఏ లెవెల్‌లో తీసుకోబోయే సబ్జెక్టులో 6 గానీ 7 గానీ అడగడం మామూలు. లెక్కల్లో అదనపు ఏ లెవెల్ అయిన ఫర్దర్ మ్యాథ్స్‌కైతే 8 అడిగే చోట్లూ ఉన్నాయి. ఇలాంటి ప్రభుత్వ బడి పిల్లవాణ్ణి పిలిచి మాట్లాడవచ్చు గానీ, ఆ మాటల్ని బట్టి సీటు ఇవ్వడమో మానడమో చేయకూడదని ప్రవేశాల నియమావళి చెబుతుంది.

పరీక్ష ఎదురయ్యేది వేరే చోట్ల. ఫీజు కట్టి చదివే ప్రైవేటు బడుల్లో చేరగోరిన సబ్జెక్టుల్లో రాతపరీక్షలు, తర్వాత ఇంటర్వ్యూలు ఉంటాయి. లండన్‌లో వెస్ట్‌మినిస్టర్ అబ్బేకు దగ్గర్లో 2014లో తెరిచిన హారిస్ వెస్ట్‌మినిస్టర్ సిక్స్త్ ఫామ్ ప్రభుత్వ నిధులతో నడిచే ఉచిత విద్యాలయం. అక్కడా పరీక్ష, ఇంటర్వ్యూ రెండూ ఉంటాయి, పేద కుటుంబాల పిల్లలకు ప్రాధాన్యమూ ఉంటుంది. ఇక మ్యాథ్స్ స్కూళ్లు. యూనివర్సిటీల తోడ్పాటుతో, లెక్కలంటే ప్రాణం పెట్టే పిల్లల కోసం నడిచే ప్రభుత్వ సిక్స్త్ ఫామ్‌లివి. లండన్‌లో కింగ్స్ కాలేజీ మ్యాథ్స్ స్కూలు, ఎక్సెటర్ మ్యాథ్స్ స్కూలు 2014లో మొదలయ్యాయి. తర్వాత 2020లో లివర్‌పూల్‌లో, 2023లో కేంబ్రిడ్జ్‌లో వచ్చాయి. మీ ఇంటికి అందుబాటులో ఉన్నవాటిలో ఏది పరీక్ష పెడుతుంది, ఏది గ్రేడ్లతో సరిపెడుతుంది అన్నది ముందు కాగితం మీద రాసుకోండి. సగం ఆందోళన అక్కడే తగ్గుతుంది.

ఇప్పుడు పరీక్ష సంగతి. ఇది ఏ లెవెల్ పాఠాలను ముందుగా అడగదు. జీసీఎస్‌ఈలో పిల్లలు ఇప్పటికే చదివినదాన్ని, వాళ్లు ఎప్పుడూ చూడని రూపంలో అడుగుతుంది. ఒక లెక్క చూద్దాం. వరుసగా వచ్చే నాలుగు పూర్ణసంఖ్యలను గుణించి 1 కలిపితే ఎప్పుడూ పూర్ణవర్గమే వస్తుందని నిరూపించమన్నారనుకోండి.

మొద్దుబారినట్టు కూర్చోకుండా ముందు చేసి చూడాలి. 1, 2, 3, 4 గుణిస్తే 24, ఒకటి కలిపితే 25, అంటే 5 వర్గం. 2, 3, 4, 5 తీసుకుంటే 120, ఒకటి కలిపితే 121, అది 11 వర్గం. 3, 4, 5, 6 అయితే 361, అది 19 వర్గం. చెప్పిన మాట నిజమేనని నమ్మకం కుదిరింది. కానీ మూడు ఉదాహరణలు నిరూపణ కావు, ఈ విషయం పిల్లవాడికి తెలుసా లేదా అన్నదే పరీక్షకుడు మొదట గమనించేది. ఇప్పుడు మొదటి సంఖ్యను క అనుకుందాం. నాలుగు సంఖ్యలు క, క+1, క+2, క+3. ఈ నాలుగింటినీ వరుసగా గుణించుకుంటూ పోతే చిక్కుల్లో పడతాం. మొదటిదాన్నీ చివరిదాన్నీ ఒక జత, మధ్య రెండింటిని ఒక జత చేస్తే మొదటి జత లబ్ధం క²+3క, రెండో జత లబ్ధం క²+3క+2. రెంటికీ తేడా 2 మాత్రమే. వాటి నడుమనున్న క²+3క+1ని గ అంటే, ఆ రెండూ గ−1, గ+1 అవుతాయి. వాటిని గుణిస్తే గ²−1. దానికి 1 కలిపితే గ². అంతే.

ఇందులో వాడినదంతా జీసీఎస్‌ఈ పుస్తకంలోనే ఉంది: బ్రాకెట్లు విప్పడం, రెండు వర్గాల భేదం. కొత్తది ఒక్కటే, ఏ సంఖ్యను దేనితో జత కట్టాలో తనంతట తను వెతుక్కోవడం. ఏ లెవెల్ కాలిక్యులస్ ముందే చదివినవాడికి ఇక్కడ ఏ లాభమూ లేదు. పదిహేను నిమిషాలు ఒకే లెక్క ముందు కూర్చుని, ఒక దారి మూసుకుపోతే ఇంకో దారి పట్టే అలవాటున్నవాడికి లాభం. మన కోచింగ్ పద్ధతిలో లెక్కకు ఒక నిమిషం, రాకపోతే వదిలేసి ముందుకు. ఇక్కడ ఆ వేగం కన్నా ఓపిక ఎక్కువ పనిచేస్తుంది. లెక్క పూర్తికాకపోయినా ఎక్కడిదాకా ఎలా వచ్చారో రాసి ఉంచాలి, ఆ రాతకూ విలువ ఉంటుంది. క్యాలిక్యులేటర్ అనుమతిస్తారో లేదో ముందే చూసుకోవాలి. చేత్తో భిన్నాలు, భాగహారాలు చేయడం మరిచిపోయిన పిల్లలు ఇక్కడ ఇబ్బంది పడతారు.

ఇలాంటి లెక్కలకు డబ్బు పెట్టక్కర్లేదు. యూకేఎంటీ (యూకే మ్యాథమెటిక్స్ ట్రస్ట్) నడిపే ఇంటర్మీడియట్ మ్యాథ్స్ ఛాలెంజ్ ఇయర్ ఇలెవన్, అంతకు తక్కువ తరగతుల వాళ్ల కోసం. గంటలో 25 ప్రశ్నలు. పాత పేపర్లలో చివరి పది ప్రశ్నలు మంచి సాధన. కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ నడిపే ఎన్‌రిచ్ వెబ్‌సైట్‌లో లెక్కలన్నీ ఉచితం. వారానికి రెండు మూడు కష్టమైన లెక్కలు చాలు. జవాబు చూడ్డానికి తొందరపడకూడదు. చూశాక, ఆ ఆలోచన తనకు ఎందుకు తట్టలేదో పిల్లవాడు తన మాటల్లో చెప్పాలి.

సైన్సులోనూ ఇదే తీరు. మనిషి రోజుకు ఎంత గాలి పీలుస్తాడు అని అడగవచ్చు. ఏ పుస్తకంలోనూ కంఠస్థం చేయని సంగతి. ఒక శ్వాసకు అర లీటరు, నిమిషానికి పదిహేను శ్వాసలు, రోజుకు 1,440 నిమిషాలు అనుకుంటే దాదాపు 10,800 లీటర్లు. జవాబు 9,000 వచ్చినా 12,000 వచ్చినా పేచీ లేదు. అనుకున్నవి సబబుగా ఉన్నాయా, యూనిట్లు సరిగా పట్టుకున్నారా అన్నది చూస్తారు. ఎకనామిక్స్ లాంటి, జీసీఎస్‌ఈలో చదవని సబ్జెక్టు కోరుకునేవారికి సాధారణంగా ఒక పట్టికో చిన్న వ్యాసమో ఇచ్చి దాని మీద ఆలోచించమంటారు, పూర్వజ్ఞానం ఆశించరు.

మన పిల్లలు ఎక్కువగా తడబడేది ఇంగ్లిష్ పేపర్లో. ముందెన్నడూ చదవని గద్యభాగమో కవితో ఇచ్చి వ్యాఖ్యానించమంటారు. జీసీఎస్‌ఈ కోసం పిల్లలకు ఒక మూస నేర్పుతారు: విషయం చెప్పు, ఆధారం చూపు, వివరించు. ఆ మూస మంచిదే కానీ, అక్కడే ఆగిపోయినవారు ఇది ఉపమ, ఇది పునరుక్తి అని పేర్లు పెట్టి ఊరుకుంటారు. తెలుగులోనే ఒక వాక్యం అనుకుందాం: తండ్రి ఉత్తరం అందుకుని, విప్పకుండానే మడిచి జేబులో పెట్టుకుని, గేదెకు నీళ్లు పెట్టడానికి వెళ్లాడు. ఇందులో అలంకారమేమీ లేదు. కానీ చెప్పడానికి ఎంతో ఉంది. లోపల ఏముందో ఆయనకు ముందే తెలుసా? భయపడ్డాడా? అలాంటప్పుడు రోజువారీ పని ఎందుకు వెతుక్కున్నాడు? జేబులో ఉత్తరం ఉన్నంతసేపూ చదివేవాడికి ఏమవుతుంది? ఇలా ప్రశ్నించుకునే చదువరి రాసిన అరపేజీ, పేర్లు పెట్టినవాడి రెండు పేజీల కన్నా బరువుంటుంది. దీనికి గైడు లేదు. రోజూ అరగంట మంచి గద్యం చదవడం, చదివినదాని గురించి ఇంట్లో ఎవరితోనైనా మాట్లాడడం. ఆ మాటలు తెలుగులో సాగినా ఫరవాలేదు, ఆలోచన పదునెక్కుతుంది.

ఇంటర్వ్యూకు కావలసింది కూడా ఈ మాట్లాడే అలవాటే. పెద్దవాళ్లు చెబుతుంటే ఎదురు మాట్లాడకూడదని మనం పెంచుతాం. ఆ పెంపకంలో మర్యాద ఉంది, దాన్ని తప్పుపట్టను. కానీ ఇంటర్వ్యూ గదిలో ఉపాధ్యాయుడు కావాలనే ఒక తప్పు వాదన పెట్టవచ్చు. పిల్లవాడు తల ఊపుతూ కూర్చుంటే అతని బుర్రలో ఏముందో తెలిసే దారి ఉండదు. నాకు అలా అనిపించడం లేదు, ఎందుకంటే అని నెమ్మదిగా చెప్పగలగాలి. తెలియనప్పుడు ఆలోచనను పైకి అనడం కూడా అలవాటు కావాలి. బట్టీపట్టిన ఉపన్యాసాలను వాళ్లు రెండు ప్రశ్నల్లో కనిపెట్టేస్తారు.

ఇక కాలం లెక్క. ప్రైవేటు బడుల దరఖాస్తులు, పరీక్షలు ఎక్కువగా ఇయర్ ఇలెవన్ మొదటి టర్మ్‌లోనే, అంటే సెప్టెంబరు నుంచి డిసెంబరు లోపు ముగుస్తాయి. ప్రభుత్వ సిక్స్త్ ఫామ్‌లకు గడువులు కొంత అటూ ఇటూగా ఉంటాయి, ప్రతి బడి వెబ్‌సైట్ విడిగా చూడాలి. అదే నెలల్లో బడిలో మాక్ పరీక్షలు వస్తాయి. మాక్స్‌ను పక్కన పెట్టి ఎంట్రన్స్‌కు చదివించడం పెద్ద తప్పు. మాక్స్ ఆధారంగానే టీచర్లు ప్రెడిక్టెడ్ గ్రేడ్లు ఇస్తారు, వాటిని చూసి ఆఫర్లు వస్తాయి. పైగా ఆ ఆఫర్ కూడా షరతుతోనే: ఎంట్రన్స్‌లో మెప్పించినా, ఆగస్టులో అడిగిన జీసీఎస్‌ఈ గ్రేడ్లు రాకపోతే సీటు పోవచ్చు. పొద్దంతా బడి, సాయంత్రం ట్యూషన్, శని ఆదివారాలు ఎంట్రన్స్ కోచింగ్ అంటూ పిల్లల్ని అలసిపోనిస్తే రెండూ చెడతాయి.

డబ్బు విషయం కుండబద్దలు కొట్టినట్టు మాట్లాడుకోవాలి. 2025 జనవరి నుంచి ప్రైవేటు బడుల ఫీజుల మీద 20 శాతం వ్యాట్ పడుతోంది. ఆదాయాన్ని బట్టి ఇచ్చే బర్సరీలు చాలా బడుల్లో ఉన్నాయి. ఈటన్‌లో ప్రభుత్వ బడుల నుంచి వచ్చే అబ్బాయిలకు ఆర్వెల్ అవార్డు అనే పథకమూ ఉంది. అడగడానికి సిగ్గుపడవద్దు, దరఖాస్తుతో పాటే అడగాలి. ప్రైవేటు సీటు ఒప్పుకుంటూ సంతకం చేసే కాగితం ఒక ఒప్పందపత్రం. డిపాజిట్ కట్టాక ఆలస్యంగా మనసు మార్చుకుంటే ఒక టర్మ్ ఫీజు కట్టమనడం మామూలే, ఆ పేజీ శ్రద్ధగా చదవండి. ఇండియా నుంచే పిల్లల్ని పంపాలనుకునేవారికి ఒక మాట: ప్రభుత్వ బడులు చైల్డ్ స్టూడెంట్ వీసా ఇప్పించలేవు. ఉద్యోగ వీసా మీద అక్కడున్న తల్లిదండ్రుల పిల్లలు మాత్రం ప్రభుత్వ బడుల్లో చదువుకోవచ్చు.

పేరున్న చోట సీటు రాకపోతే యూనివర్సిటీ దారి మూసుకుపోతుందన్న భయానికి ఆధారం తక్కువ. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ రెండూ విద్యార్థి జీసీఎస్‌ఈ గ్రేడ్లను అతను చదివిన బడి స్థాయితో పోల్చి చూస్తాయి. బడి పేరు కన్నా, అక్కడ మీ పిల్లలకు కావలసిన సబ్జెక్టు ఉందా అన్నది ముఖ్యం. కేంబ్రిడ్జ్‌లో గణితం చదవాలంటే ఫర్దర్ మ్యాథ్స్ ఉండాలి, దాన్ని బోధించని సిక్స్త్ ఫామ్‌లు ఉన్నాయి. ఓపెన్ ఈవెనింగ్‌కు వెళ్లినప్పుడు భవనాలు చూడడం కన్నా నిరుడు ఆ సబ్జెక్టులో ఎంతమంది ఉన్నారు, ఎవరు బోధిస్తున్నారు అని అడగండి. రోజుకు ఎంతసేపు ప్రయాణమో కూడా లెక్కేసుకోండి, రెండేళ్లు అది నిద్రలోంచే పోతుంది.

ఒకే చోట ఆశ పెట్టుకోకుండా కనీసం మూడు చోట్ల దరఖాస్తు చేయడం మంచిది. వాటిలో ఒకటి గ్రేడ్లతోనే సీటిచ్చే ఊళ్లోని సిక్స్త్ ఫామ్ కావాలి. ప్రభుత్వ సిక్స్త్ ఫామ్‌ల ఆఫర్లు ఒకటికి మించి దగ్గర ఉంచుకోవచ్చు. జీసీఎస్‌ఈ పరీక్షలు జూన్‌లో అయిపోగానే చాలా కుటుంబాలు ఇండియాకు టికెట్లు తీసుకుంటాయి. ఆగస్టు మూడో నాలుగో వారంలో ఒక గురువారం ఫలితాలొస్తాయి, ఆ రోజో మరునాడో సిక్స్త్ ఫామ్‌లో చేరిక జరుగుతుంది. గ్రేడు ఒకటి తగ్గితే ఆ ఉదయమే ఫోన్ చేసి మాట్లాడాలి, ఖాళీ అయిన సీట్లు ఆ ఒకటి రెండు రోజుల్లోనే నిండిపోతాయి. తిరుగు ప్రయాణం టికెట్ ఆ గురువారానికి ముందే ఉండేలా చూసుకోండి.