మాతృభాష - అల్పసంఖ్యాకుల విద్య

భాష ఇంట పుట్టి బడిలో పెరుగుతుంది. బడికి దూరమైన భాష మూడు తరాలు నిలవడం కష్టం. ఇందుకు మలేషియాలోని చీనీయుల చరిత్ర చక్కని నిదర్శనం. ఉర్దూ, తెలుగు భాషలు రెండూ వినిపించే మన కళాశాలలో ఆ చరిత్రను మనము తెలుసుకొనుట అవసరం.

పందొమ్మిదవ శతాబ్దంలో తగరపు గనులలో పనికీ, వర్తకానికీ దక్షిణ చైనా నుండి మలయాకు వలసపోయినవారి ఇంటి భాష ఒక్కటి కాదు. హొక్కియన్, కాంటనీస్, హక్కా మున్నగునవి వారి పలుకులు. ఇరవయ్యవ శతాబ్ది తొలి దశాబ్దాలలో వారు తమ బడులకు మాండరిన్‌ను ఉమ్మడి బోధనా భాషగా స్వీకరించారు. ఆ బడులు చాలావరకు చందాలతోనే నడిచాయి.

1957లో మలయా స్వతంత్రమైనది. 1961 నాటి విద్యా చట్టం ప్రకారం, అధికార భాషా మాధ్యమానికి మారని మాధ్యమిక పాఠశాలలకు ప్రభుత్వ సహాయం నిలిచిపోయింది. దీనిని ప్రతిఘటించిన ఉపాధ్యాయ నాయకుడు లిమ్ లియన్ గియోక్ తన పౌరసత్వాన్నే కోల్పోయారు. అయినను దాదాపు అరవై పాఠశాలలు ప్రజల విరాళాలతో నిలిచి, 1975 నుండి తమ ఉమ్మడి పరీక్షను తామే నిర్వహించుకొనుచున్నవి. చీనీ ప్రాథమిక పాఠశాలలు మాత్రం జాతీయ విద్యా వ్యవస్థలో భాగమై, మలయ్ భాషను కూడ తప్పక బోధిస్తున్నాయి.

అదే దేశపు రబ్బరు తోటలకు మన తెలుగువారును వలసపోయారు. సంఖ్యలో స్వల్పులై, చెదరియుండుటచే వారి తోట బడులు క్రమంగా క్షీణించాయి. 1955లో ఏర్పడిన సంఘమే నేడు మలేషియా తెలుగు సంఘమన్న పేరుతో భాషా తరగతులను నడుపుచున్నది.

ఈ సమస్య మనకు దూరమైనది కాదు. సిరిసిల్ల నేత కార్మికులు భివండికి, షోలాపూరుకు వెళ్లిననాడు తెలుగే అల్పసంఖ్యాక భాష. జగిత్యాల, కోరుట్లలలో ఉర్దూ స్థితియు అట్టిదే. ఇంటి దక్కనీకి, పుస్తకపు ఉర్దూకు గల అంతరమే సిరిసిల్ల వాడుక తెలుగుకు, పాఠ్యపుస్తకపు తెలుగుకు నడుమ కూడ ఉన్నది. చీనీయుల వలెనే మనకును ఆ అంతరాన్ని పూడ్చేది బడియే.

మన రాజ్యాంగం 30వ అధికరణం ద్వారా విద్యాసంస్థలను స్థాపించుకొను హక్కును అల్పసంఖ్యాకులకు ఇచ్చింది. 1956లో చేరిన 350-ఎ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతి కల్పించవలెనన్నది. 2017లో తెలంగాణ అంతటికీ ఉర్దూ రెండవ అధికార భాష అయినది. అయితే చట్టం తలుపు తెరువగలదే గాని, పిల్లవానిని చేయిపట్టి లోనికి తీసుకొని రాలేదు. తాత వ్రాసిన ఉర్దూ ఉత్తరాన్ని మనుమడు చదువలేని ఇల్లు నష్టపోయినట్లే. తెలుగు రానందున కచేరీలో దరఖాస్తును ఇతరులచే వ్రాయించుకొను యువకుడును నష్టపోయినట్లే.

కావున కళాశాల కార్యవర్గమునకు మా మనవి ఒక్కటే: గ్రంథాలయంలో రెండు భాషల పుస్తకాలు సమంగా ఉండాలి. విద్యార్థి మిత్రులారా! ఒకరి లిపిని మరొకరు నేర్చుకొందము. సొంత భాషను కాపాడుకొనుట, పొరుగు భాషను గౌరవించుట పరస్పర విరుద్ధములు కావు.