ఆరు పెన్నీల మీటు

1971 ఫిబ్రవరి 15న బ్రిటన్‌లో 240 పెన్నీల పౌండు పోయి వంద పెన్నీల పౌండు వచ్చింది. అప్పటికే ముద్రణ ఆగిపోయిన ఆరు పెన్నీల బిళ్ళ, అంటే సిక్స్‌పెన్స్, కొత్త లెక్కలో రెండున్నర పెన్నీలుగా మారి 1980 దాకా నెట్టుకొచ్చింది. ఆ తర్వాత అది చెల్లని కాసే. క్వీన్ బృందంలో గిటారు వాయించే బ్రయాన్ మేకి మాత్రం ఇప్పటికీ చెల్లుతోంది. ఆయన తీగలు మీటేది దానితోనే.

ఒకప్పుడు తీగలు మీటే మంచి పిక్ అంటే సముద్రపు తాబేలు చిప్పతో చేసిందే. 1922లో న్యూయార్క్‌లో లూయీజీ డాండ్రియా సెల్యులాయిడ్ రేకుల్లోంచి పిక్‌లు కోసి అమ్మడం మొదలుపెట్టాక ఈ సరుకంతా ప్లాస్టిక్ దారి పట్టింది. లోహానిది పక్కదారి. గిటారును ఒళ్ళో పడుకోబెట్టి ఉక్కు కడ్డీ జార్చే హవాయి పద్ధతి వాళ్ళు వేళ్ళకు లోహపు తొడుగులు పెట్టుకున్నారు. మన వైణికుల్లోనూ కొందరు వేళ్ళకు తీగ చుట్లు తొడుక్కుంటారు. కానీ గుండ్రటి బిళ్ళను చేత్తో పట్టుకుని మీటడం వేరే సంగతి.

తీగను మీటడమంటే దాన్ని మూల తేలేలా లాగి వదిలెయ్యడం. ఆ మూల ఎంత పదునుగా ఉంటే, అసలు స్వరంతో పాటు పుట్టే అతిస్వరాలు అంత బలంగా పలుకుతాయి. వేలి కండతో లాగితే మూల గుండ్రబడుతుంది, నాదం మెత్తబడుతుంది. గట్టి, సన్నని అంచుతో లాగితే మెరుస్తుంది. ఇంతవరకూ ఎవరైనా ఊహించేదే. అసలు కిటుకు వంగడంలో ఉంది. పల్చని ప్లాస్టిక్ పిక్ తీగ తగలగానే తానే వంగుతుంది, దాంతో తీగ ఎప్పుడు జారిందో వేళ్ళకు సరిగ్గా అందదు. లోహం వంగదు కాబట్టి వంగాల్సింది వేళ్ళే. అందుకే మే బిళ్ళను మడిచిన చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య వదులుగా పట్టుకుంటారు. లోహపు పిక్‌తో మొరటు శబ్దమే వస్తుందనేవాళ్ళు చాలావరకు దాన్ని బిగించి పట్టుకున్నవాళ్ళే అని నా అనుమానం.

ఇక బిళ్ళను దగ్గరగా చూడండి. అడ్డం సుమారు 19 మిల్లీమీటర్లు, బరువు మూడు గ్రాముల లోపు. 1947 నుంచి ముద్రించినవాటిలో మూడొంతులు రాగి, ఒక వంతు నికెల్. అంచు చుట్టూ సన్నని గీతలు. వెండి నాణేల కాలంలో అంచులు గీకి వెండి కాజేసే దొంగలను పట్టుకోవడానికి పెట్టిన గీతలవి. వెండి పోయినా గీతలు మిగిలాయి. బిళ్ళను కాస్త ఏటవాలుగా తిప్పితే ఆ గీతలు తీగకు రాసుకుని, స్వరానికి ముందు చిన్న గరగర పుడుతుంది, అచ్చుకు ముందు హల్లులా. తిరిగి చదునుగా పెడితే ఆ హల్లు పోతుంది. కోణం మారుస్తూ ఒకే స్వరాన్ని పలురకాలుగా పలికించవచ్చు.

మే గిటారుకు ఇలాంటి బిళ్ళ వింతేమీ కాదు. 1963లో తండ్రి హెరాల్డ్‌తో కలిసి ఇంట్లోనే మొదలుపెట్టిన ఆ వాద్యం మెడకు పాత పొయ్యిగూటి పైచెక్క వాడారు, స్ప్రింగులు మోటారుసైకిలువి.

ఉక్కు తీగ ఈ రాగి-నికెల్ మిశ్రమం కన్నా గట్టిది కనుక అరిగేది ఎక్కువగా బిళ్ళే. గీతలు అరిగిన చోటు నుంచి కాస్త తిప్పితే కొత్త అంచు దొరుకుతుంది, గుండ్రంగా ఉండటంలో లాభం అదే. 1993లో మే సొంత కచేరీ యాత్ర కోసం రాయల్ మింట్ ఆయన బొమ్మతో ప్రత్యేకంగా సిక్స్‌పెన్స్‌లు కొట్టింది కూడా.

లండన్ బిళ్ళ దొరకని మన గిటారు కుర్రాళ్ళు అమ్మమ్మల డబ్బాలు వెతకవచ్చు. 2011 జూన్ 30తో చెల్లుబాటు పోయిన మన పావలాల్లో, 1970ల నాటి రాగి-నికెల్ రకం కూడా 19 మిల్లీమీటర్లే, అంచున గీతలూ ఉంటాయి. తర్వాత వచ్చిన ఖడ్గమృగం బొమ్మ పావలా స్టెయిన్‌లెస్ స్టీలుది. మనకు కావలసిన రాగి-నికెల్ అందులో లేదు.