అతిథి యంత్రము – ఆతిథేయ యంత్రము

సికింద్రాబాదునకు ఈశాన్యమున నున్న కాప్రా పేరు వినగానే ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా జ్ఞప్తికి వచ్చును. శ్రీ అయ్యగారి సాంబశివరావు నేతృత్వమున 1967లో స్థాపింపబడిన ఈ సంస్థ 1969లో టి.డి.సి.-12 అను కంప్యూటరును వెలువరించినది. కాప్రాలోని ఎ.ఎస్. రావు నగరు ఆయన పేరిట వెలసినదే. ఆ 1967లోనే అమెరికాలోని కేంబ్రిడ్జిలో ఐ.బి.ఎం. శాస్త్రజ్ఞులు, ఒకే కంప్యూటరును పెక్కు కంప్యూటర్లవలె పనిచేయించు సి.పి.-40 అను ఏర్పాటును వాడుకలోనికి తెచ్చిరి. ఇట్లు ఒక యంత్రములో వెలసిన మరొక యంత్రమునకు వర్చువల్ మెషీన్, అనగా కల్పిత యంత్రము, అని పేరు.

నేడు ఈ ఉపాయము విద్యార్థుల లాప్‌టాప్‌లలోనికి వచ్చినది. కాప్రాలోని ఒక విద్యార్థి కంప్యూటరులో విండోస్ ఉన్నదనియు, కళాశాల పాఠమునకు లినక్స్ కావలసివచ్చినదనియు అనుకొందము. వర్చువల్‌బాక్స్ వంటి సాధనముతో అతడు విండోస్‌లోనే ఒక కల్పిత యంత్రమును నెలకొల్పి, దానిలో లినక్స్ నడుపుకొనవచ్చును. బయటి యంత్రము ఆతిథేయి; లోపలిది అతిథి. అతిథికి మెమరీలో కొంత భాగము దక్కును. దాని డిస్కు మాత్రము నిజమైన డిస్కు కాదు. ఆతిథేయిలోని ఒక పెద్ద ఫైలు. ఈ సంగతి అతిథికి తెలియదు.

చిక్కు ఇచ్చటనే కలదు. లినక్స్‌లో వ్రాసిన ప్రోగ్రామును విండోస్‌లోనికి తెచ్చుట ఎట్లు? ఆ పెద్ద ఫైలును ఆతిథేయియే తెరచి, కావలసినది తీసికొనరాదా? అతిథి పనిచేయుచుండగా అట్లు చేయుట అపాయకరము. డిస్కుపై ఏ చోటు ఖాళీ, ఏ ఫైలు ఎచ్చట అను లెక్కను ఆపరేటింగ్ సిస్టము కొంతసేపు మెమరీలోనే ఉంచుకొని, తరువాత డిస్కుపై వ్రాయును. ఒకే చిట్టాలో ఇద్దరు గుమాస్తాలు ఒకరికి తెలియకుండ ఒకరు పద్దులు వ్రాసినచో లెక్క తారుమారగును. డిస్కు గతియు అంతే.

ఐ.బి.ఎం. వారు 1972లో ప్రకటించిన వి.ఎం./370లో దీనికి చమత్కారమైన పరిష్కార ముండెను. ప్రతి కల్పిత యంత్రమునకు కల్పితమైన కార్డు పంచి, కల్పితమైన కార్డు రీడరు ఉండెడివి. ఒకటి పంచిన కార్డులను మరొకటి చదువుకొనెడిది. కాగితపు కార్డుతో పనియే లేదు.

నేటి పరిష్కారము ఉమ్మడి ఫోల్డరు. అతిథిలో గెస్ట్ అడిషన్స్ అను సహాయక ప్రోగ్రాములను స్థాపింపవలెను. ఉమ్మడి ఫోల్డరులోని ఫైలును అతిథి కోరినప్పుడు, ఆ కోరిక దాని డిస్కునకు పోక ఆతిథేయికి చేరును. ఆతిథేయియే ఫైలు తెరచి సమాచారము నందించును. చిట్టా వ్రాయు గుమాస్తా ఒక్కడే గనుక లెక్క చెడదు. వర్చువల్‌బాక్స్‌లో అతిథి లినక్స్ అయినప్పుడు, వాడుకరిని వి-బాక్స్-ఎస్ఎఫ్ అను సమూహమున చేర్చి, అతడు మరల లాగిన్ కావలెను. లేనిచో ఫోల్డరు కనిపించును గాని తెరుచుకొనదు. ఈ ఒక్క మెట్టు తెలియక తికమకపడువారు పలువురు.

రెండవ మార్గము నెట్‌వర్కు. రెండు యంత్రములును వేర్వేరు ఇండ్లలో నున్నట్లు తలచి, ఫైళ్లను నెట్‌వర్కు ద్వారా పంచుకొనుట. వర్చువల్‌బాక్స్‌లో మొదట లభించు ఏర్పాటున అతిథి బయటికి పలుకరింపగలదు గాని, ఆతిథేయి లోపలికి నేరుగా పలుకరింపజాలదు. అందుకు హోస్ట్-ఓన్లీ అను రెండవ నెట్‌వర్కును చేర్చవలెను.

అయితే అతిథికిని ఆతిథేయికిని నడుమ గోడ యుండుటయే కల్పిత యంత్రపు ప్రధాన ప్రయోజనము. లోపల వైరసు పుట్టినను బయటికి రాకూడదు. ఉమ్మడి ఫోల్డరు ఆ గోడకు పెట్టిన ద్వారము. 2008లో వి.ఎం.వేర్ ఉత్పత్తులలో ఒక లోపము బయటపడినది: ఉమ్మడి ఫోల్డరు తెరచియున్నచో, అతిథిలోని ప్రోగ్రాము ఆ ఫోల్డరు హద్దు దాటి ఆతిథేయిలోని ఇతర ఫైళ్లను చదువుటకు, మార్చుటకు వీలుండెను. నెట్‌వర్కు మార్గమును నిరపాయము కాదు. 2017 మే నెలలో వన్నాక్రై అను దుష్ట ప్రోగ్రాము, విండోస్‌లో ఫైళ్లు పంచుకొను పద్ధతిలోని లోపముగుండ లోకమెల్ల ప్రాకినది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని పాలబడినవి. లోపమేమియు లేకున్నను, వ్రాయుటకు అనుమతి యున్నంతవరకు ఉమ్మడి ఫోల్డరులోని ఫైళ్లను అతిథిలోని దుష్ట ప్రోగ్రాము పాడుచేయగలదు.

కావున ద్వారమును ఇరుకుగా ఉంచుట మేలు. డిస్కు నంతటిని గాక, ఈ పనికై ప్రత్యేకించిన ఒక్క ఫోల్డరునే పంచుకొనవలెను. అతిథి చదువుకొనుట చాలునన్నచో, వ్రాయుటకు అనుమతి ఈయరాదు. అనుమానాస్పదమైన ఫైలును పరీక్షించునప్పుడు ద్వారమును పూర్తిగా మూసి, నెట్‌వర్కును సైతము తొలగింపవలెను. సంవత్సరాంతమున సమర్పింపవలసిన ప్రాజెక్టు ఆ ఉమ్మడి ఫోల్డరులోనే యున్నచో, దాని నకలు నొకటి వేరొక డిస్కుపై భద్రపరచి, డిస్కును కంప్యూటరునుండి విడదీసి యుంచుట విద్యార్థికి అన్నిటికన్న ముఖ్యము.