నిధి నిక్షేపాల చట్టం, 1878

భారత నిధి నిక్షేపాల చట్టం, 1878 (1878వ సంవత్సరపు 6వ చట్టం) అనేది భూమిలో గాని, భూమికి అంటియున్న గోడలు, కట్టడాలు మొదలగువానిలో గాని దాగియున్న విలువైన వస్తువులు బయటపడినప్పుడు అనుసరించవలసిన పద్ధతిని నిర్దేశించే చట్టం. బ్రిటిషు పాలనాకాలంలో చేయబడిన ఈ చట్టం నేటికీ అమలులో ఉంది. "భూమిలో దొరికినదంతా సర్కారుదే" అనే అభిప్రాయం ప్రజలలో బలంగా ఉంది. ఆ భయంతోనే దొరికిన వస్తువులను రహస్యంగా కరిగించి అమ్ముకొనేవారు ఉన్నారు. నిజానికి స్వంతదారు ఎవరూ లేరని తేలిన నిధిలో అధిక భాగం కనుగొన్నవారికే చెందుతుందని ఈ చట్టం చెబుతున్నది. దాచినవారికి మాత్రం ఆ వాటా పోవడమే కాక జైలుశిక్ష కూడా పడవచ్చు.

పదాల అర్థం

తెలుగునాట పాత దానశాసనాలలోను, భూమి క్రయదస్తావేజులలోను "అష్టభోగములు" అనే మాట కనిపిస్తుంది. నిధి, నిక్షేపం, జలం, పాషాణం, అక్షీణి, ఆగామి, సిద్ధం, సాధ్యం అనేవి ఆ ఎనిమిది. భూమిని పొందినవానికి దానిలోని నీరు, రాయి, ప్రస్తుత ఫలం, రాబోయే ఫలం మాత్రమే కాక అందులో పాతిపెట్టబడిన ధనంపై కూడా హక్కు సంక్రమిస్తుందని దీని భావం. నేటి దస్తావేజులలో ఈ మాటలు వ్రాసుకొన్నంత మాత్రాన 1878 చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయవలసిన బాధ్యత తప్పిపోదు.

చట్టం ఇచ్చిన నిర్వచనం చాలా విశాలమైనది. దాగియున్నది ఏదైనా, దానికి ఏ కొంచెం విలువ ఉన్నా అది నిధియే. బంగారు నాణేలే కానక్కరలేదు. పంచలోహ విగ్రహం, రాగిరేకు శాసనం, పాత్రసామాను కూడా కావచ్చును.

ఖనిజాలు దీని క్రిందికి రావు. కర్నూలు జిల్లాలోని జొన్నగిరి, తుగ్గలి ప్రాంతాలలో తొలకరి వానలు పడగానే జనం పొలాలలో వజ్రాల కోసం వెదకుతారు. ఆ వజ్రాలు ఎవరూ దాచినవి కావు, ప్రకృతిసిద్ధమైనవి. వాటి విషయం గనులు, ఖనిజాల చట్టం, 1957 పరిధిలోనిది.

ప్రాచీన ధర్మశాస్త్రాలలో

నిధిలో రాజుకెంత, దొరికినవానికెంత అనే చర్చ మన దేశంలో చాలా పాతది. కౌటిల్యుని అర్థశాస్త్రం ప్రకారం నిధిని కనుగొని తెలియజేసినవానికి ఆరవ వంతు, అతడు రాజు సేవకుడైతే పన్నెండవ వంతు ఇవ్వాలి. లక్షకు మించిన నిధి రాజుకే చెందుతుంది. మనుస్మృతి, యాజ్ఞవల్క్యస్మృతి కూడా వాటాలను నిర్ణయించాయి. వాటితో పోల్చి చూస్తే 1878 చట్టం కనుగొన్నవానిపట్ల ఎంతో ఉదారంగా ఉన్నదని చెప్పవచ్చు.

చట్టంలోని ముఖ్యాంశాలు

* తెలియజేయడం (సెక్షన్ 4): పది రూపాయలకు మించిన విలువగల నిధి దొరికితే కనుగొన్నవారు వీలైనంత త్వరగా కలెక్టరుకు వ్రాతపూర్వకంగా తెలియజేయాలి. అందులో నిధి స్వభావం, పరిమాణం లేదా ఉజ్జాయింపు విలువ, దొరికిన చోటు, తేదీ పేర్కొనాలి. నిధిని సమీపంలోని ప్రభుత్వ ఖజానాలో జమచేయాలి, లేదా అడిగినప్పుడు హాజరుపరచగలమని కలెక్టరుకు హామీ ఇవ్వాలి. పది రూపాయల పరిమితి 1878 నాటిది కనుక ఆచరణలో దాదాపు ప్రతి నిధీ దీని క్రిందికి వస్తుంది.
* ప్రకటన (సెక్షన్ 5): హక్కుదారులు ఎవరైనా ఉంటే హాజరు కావలసిందిగా కలెక్టరు ప్రకటన జారీచేస్తారు. హాజరు కావలసిన రోజు ప్రకటన వెలువడిన నాటినుండి నాలుగు నెలలకు ముందు గాని, ఆరు నెలల తరువాత గాని ఉండరాదు. స్థలం వేరొకరి స్వాధీనంలో ఉంటే వారికి ప్రత్యేకంగా నోటీసు ఇవ్వాలి.
* విచారణ (సెక్షన్లు 7, 8): ఎవరు, ఎక్కడ, ఏ పరిస్థితులలో కనుగొన్నారు, దాచినవారెవరు అనే విషయాలను కలెక్టరు విచారిస్తారు. హక్కు చెప్పుకొన్నవారు గాని వారి పూర్వులు గాని గత నూరేళ్ళలోపు దానిని దాచియుండవచ్చునని తోస్తే, సివిలు కోర్టులో హక్కు నిరూపించుకొనడానికి గడువిస్తారు.
* స్వంతదారు లేని నిధి (సెక్షన్ 9): అటువంటి హక్కుదారు లేకపోతే నిధికి స్వంతదారు లేరని కలెక్టరు ప్రకటించవచ్చు. దీనిపై రెండు నెలలలోపు అప్పీలు చేసుకోవచ్చును.
* ప్రభుత్వ స్వీకారం (సెక్షన్ 16): పంపకానికి ముందు నిధిని గాని, అందులో కొంత భాగాన్ని గాని ప్రభుత్వం తీసుకొనదలిస్తే ఆ వస్తువుల లోహం మొదలగు పదార్థపు విలువను, దానిపై అయిదవ వంతును అదనంగా కలిపి హక్కుదారులకు చెల్లించాలి.

పంపకం - ఒక ఉదాహరణ

కనుగొన్నవారు, స్థల యజమాని వేరువేరు వ్యక్తులై, వారిద్దరి మధ్య వేరే ఒప్పందం లేకపోతే నిధిలో నాలుగింట మూడు వంతులు కనుగొన్నవారికి, మిగిలిన నాలుగవ వంతు స్థల యజమానికి చెందుతాయి. స్థలం తనదని ఎవరూ ముందుకు రాకపోతే మొత్తం కనుగొన్నవారికే ఇస్తారు.

ఒక కూలీ మరొకరి పొలంలో గట్టు తవ్వుతుండగా రూ. 8,00,000 విలువగల బంగారం దొరికిందనుకుందాం. దానికి స్వంతదారు లేరని తేలితే కూలీకి రూ. 6,00,000, పొలం యజమానికి రూ. 2,00,000 వస్తాయి. ప్రభుత్వమే దానిని తీసుకొనదలిస్తే అయిదవ వంతు, అనగా రూ. 1,60,000 కలిపి రూ. 9,60,000 చెల్లించాలి. అప్పుడు కూలీ వాటా రూ. 7,20,000, యజమాని వాటా రూ. 2,40,000 అవుతుంది. ఇక్కడ లెక్కకు వచ్చేది పదార్థపు విలువయే కాని పురాతన వస్తువుగా దానికి బజారులో పలికే ధర కాదని గమనించాలి.

శిక్షలు

తెలియజేయకుండా నిధిని దాచినా, దాని గుర్తులు చెరిపివేయడానికి దానిని మార్చినా కనుగొన్నవారి వాటా ప్రభుత్వపరమవుతుంది. నేరం రుజువైతే ఒక సంవత్సరం వరకు జైలుశిక్ష, లేదా జరిమానా, లేదా రెండూ విధించవచ్చు (సెక్షన్ 20). ఇందుకు సహకరించిన స్థల యజమాని తన వాటాను కోల్పోవడమే కాక ఆరు నెలల వరకు జైలుశిక్షకు గురికావచ్చు (సెక్షన్ 21).

తవ్వకాలకు అనుమతి

1878 చట్టం నిధి దొరికిన తరువాతి సంగతులనే చెబుతుంది. నిధిని వెదకడానికి అనుమతిపత్రం ఇచ్చే ఏర్పాటు అందులో లేదు. అందువలన "నిధి తవ్వకానికి లైసెన్సు ఇప్పిస్తాము" అని సొమ్ము అడిగేవారి మాటలు నమ్మదగినవి కావు.

చారిత్రక స్థలాలలో తవ్వకాలు వేరే చట్టాలకు లోబడి ఉంటాయి:

* పురాతన కట్టడాలు, పురావస్తు స్థలాలు, అవశేషాల చట్టం, 1958: కేంద్ర రక్షిత స్థలాలలో భారత పురావస్తు సర్వేక్షణ శాఖ అధికారులు గాని, ఆ శాఖ లైసెన్సు పొందినవారు గాని మాత్రమే తవ్వవచ్చు. ఈ లైసెన్సు పరిశోధన కోసం ఉద్దేశించబడినది. 2010 సవరణ ప్రకారం రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్ల వరకు నిషిద్ధ ప్రాంతం, దానిపై మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. రక్షిత కట్టడానికి హాని చేసినవారికి రెండేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు.
* రాష్ట్ర చట్టాలు: రాష్ట్ర రక్షిత స్థలాలకు ఆంధ్ర ప్రదేశ్‌లో 1960 నాటి చట్టం, తెలంగాణలో 2017 నాటి వారసత్వ చట్టం వర్తిస్తాయి.
* పురావస్తువులు, కళాఖండాల చట్టం, 1972: నూరేళ్ళు దాటిన వస్తువులు, 75 ఏళ్ళు దాటిన విలువైన వ్రాతప్రతులు దీని క్రిందికి వస్తాయి. వ్యక్తులు వీటిని విదేశాలకు పంపడం నిషిద్ధం. వీటి వ్యాపారానికి లైసెన్సు అవసరం.

పెద్దాపురం పరిసరాలలో

కాకినాడ జిల్లాలోని పెద్దాపురం (2022 వరకు తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది) వత్సవాయ వంశీయుల పాలనకు కేంద్రంగా ఉన్న పట్టణం. పట్టణాన్ని ఆనుకొని ఉన్న పాండవుల మెట్టపై గుహలు ఉన్నాయి. పాండవులు వనవాసకాలంలో ఇక్కడ కొంతకాలం ఉన్నారని, గుహలనుండి రాజమహేంద్రవరం వద్ద గోదావరి వరకు సొరంగమార్గం ఉన్నదని స్థానికుల విశ్వాసం. కోట, గుహ, సొరంగం అనే మాటలు ఎక్కడ వినబడినా వాటివెంట నిధుల కథలు పుట్టుకురావడం సహజం. సొరంగాన్ని గురించిన ప్రతీతి ఎవరికీ తవ్వే హక్కును ఇవ్వదు.

ఈ ప్రాంతం చరిత్రపరంగా సంపన్నమైనది. పొరుగున ఉన్న సామర్లకోట కుమారారామ భీమేశ్వరాలయం, బిక్కవోలులోని తూర్పు చాళుక్యుల కాలపు ఆలయాలు కేంద్ర రక్షిత కట్టడాలు. గొల్లప్రోలు మండలం కొడవలిలో శాతవాహన రాజు చండసాతి శాసనం లభించింది.

యాదృచ్ఛికంగా దొరికిన నిధి చరిత్రకు ఎంత మేలు చేయగలదో తెలుసుకొనడానికి ధవళేశ్వరం ఉదాహరణ చాలు. అక్కడ దొరికిన బంగారు నాణేల రాశిలో తూర్పు చాళుక్యుల నాణేలు, చోళుల నాణేలు కలిసి ఉన్నాయి. వేంగి, చోళ రాజవంశాల సంబంధానికి ఇది లోహరూపంలో ఉన్న సాక్ష్యం. మద్రాసు ప్రభుత్వ మ్యూజియం 1966లో ఈ నాణేలపై ప్రత్యేక గ్రంథాన్ని ప్రచురించింది. ఆ నాణేలు కంసాలి మూసలో కరిగిపోయి ఉంటే మిగిలేది కొన్ని తులాల బంగారం మాత్రమే.

ఇటీవలి ఉదంతాలు

* 2021 ఏప్రిల్‌లో జనగామ జిల్లా పెంబర్తి వద్ద భూమి చదును చేస్తుండగా లోహపు పాత్రలో బంగారు, వెండి ఆభరణాలు బయటపడ్డాయి. అధికారులు వాటిని స్వాధీనం చేసుకొన్నారు.
* 2022లో ఏలూరు జిల్లా కొయ్యలగూడెం మండలం ఏడువాడలపాలెంలో ఆయిల్ పామ్ తోటలో గొట్టపు మార్గం తవ్వుతుండగా మట్టిపిడతలో 18 బంగారు నాణేలు లభించాయి.
* 2012 డిసెంబరులో హైదరాబాదులోని నౌబత్ పహాడ్ వద్ద రాష్ట్ర పురావస్తు శాఖ, 2017 డిసెంబరులో కర్నూలు జిల్లా చెన్నంపల్లి కోటలో ప్రభుత్వ అనుమతితో నిధికోసం తవ్వకాలు జరిపించారు. రెండుచోట్లా నిధి దొరకలేదు.
* 2013 అక్టోబరులో ఉత్తర ప్రదేశ్‌లోని డౌండియా ఖేరాలో, వేయి టన్నుల బంగారం ఉన్నదని ఒక సాధువు చెప్పిన మాటతో సంచలనం రేగింది. సర్వేక్షణ శాఖ తవ్వగా కుండపెంకులు మొదలగునవి మాత్రమే లభించాయి.

పై వాటిని పరిశీలిస్తే కోరి తవ్వినచోట ఏమీ దొరకకపోవడం, మామూలు పనులు చేసుకొంటున్నవారికి దొరకడం గమనించదగినది. దొంగతనంగా జరిగే తవ్వకాలవలన ఆలయాలలో నంది విగ్రహాలు, ధ్వజస్తంభాల పీఠాలు ధ్వంసమవుతున్నాయి. గోతులు కూలి ప్రాణాలు పోగొట్టుకొన్నవారూ ఉన్నారు.

ఇతర దేశాలలో

విదేశాలలో నివసించే తెలుగువారు అక్కడి చట్టాలను తెలుసుకొనడం అవసరం.

* ఇంగ్లాండు: 1996 నాటి నిధుల చట్టం ప్రకారం, నిధి అని తెలిసిన 14 రోజులలోపు కరోనరు అనే అధికారికి తెలియజేయాలి. మ్యూజియం దానిని తీసుకొంటే విలువకట్టి ప్రతిఫలం ఇస్తారు. దీనిని సాధారణంగా కనుగొన్నవారు, భూయజమాని పంచుకొంటారు. లోహశోధక యంత్రంతో వెదకడానికి భూయజమాని అనుమతి ఉండాలి. 2015లో హెర్‌ఫర్డ్‌షైర్‌లో దొరికిన వైకింగుల కాలపు నిధిని దాచి అమ్ముకొన్న ఇద్దరికి 2019లో దీర్ఘకాల జైలుశిక్షలు పడ్డాయి.
* అమెరికా సంయుక్త రాష్ట్రాలు: సమాఖ్య ప్రభుత్వ భూములలో నూరేళ్ళు దాటిన పురావస్తువులను అనుమతి లేకుండా తవ్వితీయడం 1979 నాటి చట్టం ప్రకారం నేరం.
* ఫ్రాన్సు: పురావస్తువులకోసం లోహశోధక యంత్రాన్ని వాడడానికి ప్రభుత్వ అనుమతి తప్పనిసరి.

సాంస్కృతిక సంపద అక్రమ రవాణాను అరికట్టడానికి 1970లో యునెస్కో ఒక ఒడంబడికను రూపొందించింది. భారతదేశం 1977లో దానిని ఆమోదించింది.

నిధి దొరికినప్పుడు చేయవలసినవి

# తవ్వకం ఆపి, వస్తువులను కడగకుండా, తోమకుండా, విడదీయకుండా ఉంచాలి. దొరికిన పాత్రను కూడా భద్రపరచాలి. కాలనిర్ణయానికి అది ఉపయోగపడుతుంది.
# దొరికిన చోటు, లోతు, తేదీ, అప్పుడు అక్కడ ఉన్నవారి పేర్లు వ్రాసిపెట్టుకోవాలి. వాటా నిర్ణయానికి ఈ వివరాలే ఆధారం.
# కలెక్టరుకు వ్రాతపూర్వకంగా తెలియజేయాలి. తహసీల్దారు ద్వారా పంపినా నకలు, రసీదు దగ్గర ఉంచుకోవాలి.
# వస్తువులను అప్పగించేటప్పుడు సంఖ్య, తూకం వ్రాసిన పంచనామాపై సంతకాలు చేయించుకోవాలి.

ఇవి కూడా చూడండి

* పెద్దాపురం
* పాండవుల మెట్ట
* సామర్లకోట
* ధవళేశ్వరం
* భారత పురావస్తు సర్వేక్షణ శాఖ